పాలు చాలుతున్నాయో లేదో ఎలా తెలుస్తుంది?

బిడ్డ పుట్టిన రెండో రాత్రి చాలామంది బాలింతలకు ఇంచుమించు ఒకేలా గడుస్తుంది. మొదటి రోజంతా హాయిగా నిద్రపోయిన పసిబిడ్డ ఉన్నట్టుండి గుక్కపట్టి ఏడుస్తుంది, రొమ్ముకు పెట్టుకుంటే ఊరుకుంటుంది, పక్కన పడుకోబెట్టగానే మళ్లీ ఏడుపు, మళ్లీ పాలు, తెల్లవార్లూ ఇదే. గదిలో ఎవరో ఒకరు "పాలు పడినట్టు లేవు, డబ్బాపాలు పట్టేద్దాం" అంటారు. ప్రేమతోనే అంటారు. కానీ రెండు రోజులుగా కంటిమీద కునుకు లేని తల్లికి, తన ఒంట్లోనే ఏదో లోపం ఉందని నమ్మేయడానికి ఆ ఒక్క మాట చాలు. ఒంట్లో పాలు ఎలా తయారవుతాయో ఆ రాత్రికి ముందే ఎవరైనా చెప్పి ఉంటే సగం టెన్షన్ తగ్గేది కదా అని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది.

గర్భం సగం దాటేసరికే రొమ్ముల్లో ముర్రుపాలు తయారవుతుంటాయి. అవి మరీ ఎక్కువ కాకుండా పట్టి ఉంచేది ప్రొజెస్టెరాన్ అనే హార్మోన్, అది ప్రధానంగా మాయ నుంచి వస్తుంది. కాన్పులో మాయ బయటికి వచ్చేశాక ఆ హార్మోన్ చకచకా పడిపోతుంది, పాలు తయారుచేయించే ప్రొలాక్టిన్‌కు అడ్డు తొలగుతుంది. అయితే ఇది స్విచ్ వేసినట్టు జరగదు. పాలు బాగా పడటానికి మామూలుగానే 2 నుంచి 4 రోజులు పడుతుంది, తొలి కాన్పు అయినా, సిజేరియన్ అయినా, తల్లికి షుగర్ ఉన్నా ఇంకాస్త ఆలస్యం కావచ్చు. కాబట్టి రెండో రాత్రికి రొమ్ములు మెత్తగానే ఉన్నాయంటే ఇంకా టైమ్ రాలేదని అర్థం. మాయ ముక్క ఏదైనా లోపల మిగిలిపోతే మాత్రం ఆ హార్మోన్ సరిగ్గా పడిపోక పాలు ఆలస్యమవుతాయి, అందుకే అయిదో రోజుకీ ఏ మార్పూ లేకపోతే డాక్టరుకు చెప్పాలి.

అంతవరకు బిడ్డకు ఆధారం ముర్రుపాలే. మొదటి 24 గంటల్లో బిడ్డ తాగేది ఒక్కోసారికి 2 నుంచి 10 మిల్లీలీటర్లు, అంటే మహా అయితే రెండు చిన్న చెంచాలు. చూడటానికి ఏమీ లేనట్టే ఉంటుంది. కానీ చిక్కగా, పసుపు రంగులో ఉండే ఆ కాసిని చుక్కల్లో తెల్లరక్తకణాలు, ఐజీఏ అనే రోగనిరోధక ప్రోటీన్లు దట్టంగా ఉంటాయి, ఇవి పేగు లోపలి గోడకు పూతలా పట్టుకుని సూక్ష్మజీవులను లోపలికి చొరబడనివ్వవు. పైగా ముర్రుపాలు బిడ్డకు విరేచనం సాఫీగా అయ్యేలా చేస్తాయి, పేగుల్లోని నల్లటి మలం త్వరగా బయటికి పోతే కామెర్ల బెడదా తగ్గుతుంది. కొద్దికొద్దిగా రావడం కూడా ఒకందుకు మంచిదే, చప్పరించడం, గుటక వేయడం, ఊపిరి తీయడం మూడూ కలిపి చేయడం బిడ్డ అప్పుడే నేర్చుకుంటోంది మరి.

ఇక అసలు సూత్రం: రొమ్ము ఎంత ఖాళీ అయితే అంత తయారవుతుంది. పాలు లోపలే నిలిచిపోతే తయారీ నెమ్మదిస్తుంది, తాగేస్తే పుంజుకుంటుంది. పైగా ప్రొలాక్టిన్ రాత్రిపూట ఎక్కువగా ఉంటుంది, రాత్రి పాలు ఎంతో విలువైనవి అనేది అందుకే. రెండో రాత్రి బిడ్డ పదే పదే రొమ్ము కోసం ఏడవడం వల్లే రేపటి పాలకు దారి పడుతోంది. అవసరం లేకుండా ఆ పూట డబ్బాపాలు పట్టేస్తే బిడ్డ నిద్రపోతుంది, రొమ్ముకు అందాల్సిన కబురు మాత్రం అందదు. వైద్యపరంగా పైపాలు అవసరమని డాక్టర్ చెబితే నిస్సంకోచంగా పట్టండి, బిడ్డ కడుపు నిండటమే ముందు. అదే సమయంలో చేత్తోనో పంపుతోనో పాలు తీస్తూ ఉంటే కబురు ఆగిపోదు.

తయారైన పాలు బయటికి రావడం వేరే సంగతి, దాన్నే చేపు అంటాం. బిడ్డ చప్పరించగానే ఆక్సిటోసిన్ అనే హార్మోన్ విడుదలై, పాలగ్రంథుల చుట్టూ ఉన్న బుల్లి కండరాలు బిగిసి పాలను ముందుకు తోస్తాయి. కొందరికి రొమ్ములో సూదులు గుచ్చినట్టు చిమచిమలాడుతుంది, కొందరికి రెండో రొమ్ము నుంచి పాలు కారతాయి, కొందరికి ఏమీ తెలియదు, అదీ మామూలే. తొలి రోజుల్లో పాలిస్తుంటే పొత్తికడుపులో నొప్పి వచ్చేదీ ఈ హార్మోన్ వల్లే, గర్భసంచి ముడుచుకుంటోందన్నమాట. బాగా నొప్పి, భయం ఉన్నప్పుడు చేపు ఆలస్యమవుతుంది. పాలు ఎక్కడికీ పోవు, కాస్త కుదుటపడ్డాక వస్తాయి.

ఇప్పుడు బిడ్డ నోటి దగ్గరికి వద్దాం, చాలా ఇబ్బందులు ఇక్కడే మొదలవుతాయి. బిడ్డ చనుమొన ఒక్కటే పట్టుకుంటే అది చిగుళ్లకూ గట్టి అంగిలికీ మధ్య నలిగి పగులుతుంది, పాలూ సరిగ్గా రావు. చనుమొనతో పాటు చుట్టూ ఉన్న నల్లటి భాగం కూడా, ముఖ్యంగా కింది వైపు, నోట్లోకి వెళ్లాలి. బిడ్డ పొట్ట మీ పొట్టకు ఆనేలా దగ్గరికి తీసుకుని, చనుమొనను పైపెదవికి, ముక్కుకు దగ్గరగా తాకించి ఆగండి. ఆవలించినంత పెద్దగా నోరు తెరిచిన క్షణంలో బిడ్డను రొమ్ము దగ్గరికి తీసుకోవాలి, రొమ్మును బిడ్డ నోట్లోకి కుక్కకూడదు. గడ్డం రొమ్ముకు ఆని, కింది పెదవి బయటికి తిరిగి ఉంటే పట్టు బాగుందని లెక్క. మొదటి కొన్ని సెకన్లు నొప్పి ఉండవచ్చు, తాగుతున్నంతసేపూ ఉంటే పట్టు సరిగ్గా లేదు. అప్పుడు పెదవుల మూల నుంచి శుభ్రమైన వేలు దూర్చి విడిపించి మళ్లీ పెట్టండి, పదిసార్లయినా సరే, పళ్లబిగువున భరించవద్దు.

పట్టు కుదిరాక బిడ్డ గడ్డాన్నే చూడండి. ముందు గబగబా చిన్నచిన్నగా చప్పరిస్తుంది. చేపు రాగానే తీరు మారిపోతుంది, దవడ నెమ్మదిగా లోతుగా దిగుతుంది, నోరు బాగా తెరుచుకున్న చోట గడ్డం ఒక్క క్షణం ఆగుతుంది, ఆ వెంటనే మెత్తగా 'క్' అని గుటక వినిపిస్తుంది. ఆ ఆగిన క్షణంలో నోరు పాలతో నిండుతోంది. గంటసేపు రొమ్ము పట్టుకుని ఉన్నా ఈ ఆగడం కనిపించకపోతే బిడ్డ తాగుతున్నది తక్కువే. గడియారం కంటే ఈ గుటకల్నే నమ్మాలని నా అభిప్రాయం.

తాగింది చాలిందో లేదో డైపరు చెబుతుంది. అయిదో రోజు నుంచి 24 గంటల్లో కనీసం 6 సార్లు మూత్రం పోయాలి, నల్లటి మలం పసుపు రంగులోకి మారి ఉండాలి. తొలి రోజుల్లో బిడ్డ బరువు 7 శాతం దాకా తగ్గడం మామూలే, రెండు వారాలకల్లా పుట్టినప్పటి బరువుకు వచ్చేయాలి. 10 శాతం, అంతకు మించి తగ్గినా, పాలకు కూడా లేవనంత మత్తుగా ఉన్నా, ఒళ్లు పసుపెక్కుతున్నా ఇంట్లో కూర్చుని ఆలోచించకుండా అదే రోజు డాక్టరుకు చూపించాలి. తల్లికి రొమ్ములో ఒకచోట ఎర్రగా గట్టిపడి జ్వరం వచ్చినా అంతే.

రోజుకు 8 నుంచి 12 సార్లు పాలు పట్టాల్సి రావడం, సాయంత్రాలు గంటగంటకూ అడగడం, రెండు మూడు వారాలప్పుడు ఉన్నట్టుండి ఆకలి పెరగడం ఇవన్నీ ఆరోగ్యంగా ఉన్న బిడ్డలు చేసే పనులే. నెలా నెలన్నర దాటేసరికి ఇంకో మార్పు వస్తుంది, అంతకుముందు బరువుగా, రాళ్లలా ఉన్న రొమ్ములు మెత్తబడిపోతాయి, కారడం తగ్గుతుంది, పాలు ఎండిపోయాయని తల్లి మళ్లీ హడలిపోతుంది. అప్పటికి ఆ బిడ్డకు ఎంత కావాలో రొమ్ముకు తెలిసిపోయి ఉంటుంది, నిల్వ పెట్టుకోకుండా అడిగినప్పుడల్లా తయారుచేసి ఇస్తుంది.