స్వైన్ ఫ్లూ: కొత్త వైరస్‌లో పాత ముక్కలు

2009 ఏప్రిల్‌లో అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ ల్యాబుకు దక్షిణ కాలిఫోర్నియా నుంచి ఇద్దరు పిల్లల నమూనాలు చేరాయి. ఆ పిల్లలకు ఒకరితో ఒకరికి పరిచయం లేదు, పందుల జోలికి పోయినవాళ్లూ కారు. అయినా ఇద్దరిలోనూ ఉన్నది ఒకటే వైరస్, అదీ పందులది. అంటే అప్పటికే అది మనిషి నుంచి మనిషికి పాకుతోందన్నమాట. జూన్ 11న ప్రపంచ ఆరోగ్య సంస్థ మహమ్మారిగా ప్రకటించింది. మన దేశంలో తొలి కేసు మే నెలలో హైదరాబాద్‌లోనే బయటపడింది. అమెరికా నుంచి వచ్చిన ఓ యువకుడికి సోకినట్టు తేలింది.

అందరూ కొత్త వైరస్ అన్నారు గానీ, అందులో కొత్తది కలయిక ఒక్కటే. ఫ్లూ వైరస్ జన్యుపదార్థం ఎనిమిది విడి ముక్కలుగా ఉంటుంది. రెండు రకాలు ఒకే కణంలో దూరితే పేకముక్కల్లా కలిసిపోయి కొత్త వైరస్ పుడుతుంది. పంది శ్వాసనాళంలో పక్షుల ఫ్లూ, మనుషుల ఫ్లూ రెండూ అంటుకోగలవు.

1918 నాటి ఫ్లూ మహమ్మారి కాలంలో, ఆ మహమ్మారి వంశానికే చెందిన వైరస్ పందుల్లోనూ స్థిరపడింది. 1930లో రిచర్డ్ షోప్ అనే శాస్త్రవేత్త అమెరికా పందుల్లో దాన్ని పట్టుకున్నాడు. 2009 వైరస్‌లోని మూడు ముక్కలు ఈ పాత వంశానివే. 1998 నాటికి అక్కడి పందుల్లో పక్షి, మనిషి, పంది వైరస్‌లు కలిసిన రకం తిరుగుతోంది. దాని నుంచి మరో మూడు వచ్చాయి: రెండు పక్షివి, ఒకటి మనిషిది. మిగతా రెండూ యూరప్ పందులవి. 1979 ప్రాంతంలో అక్కడి పందులకు పక్షుల నుంచి సోకిన వైరస్ తాలూకు ముక్కలవి. ఈ శాఖలన్నీ మెక్సికో పందుల్లో కలిశాయని తర్వాతి పరిశోధనల్లో ఆధారాలు దొరికాయి.

యూరప్ నుంచి వచ్చిన ముక్కల్లో ఒకదాని వల్లే అమాంటడిన్ అనే ఫ్లూ మందు దీనిపై పనిచేయలేదు. టామిఫ్లూ మాత్రం పనిచేసింది. పాత వంశం ముక్కల వల్ల ఇంకో విచిత్రం జరిగింది. మామూలు ఫ్లూ ముసలివాళ్లను ఎక్కువగా బలితీసుకుంటుంది. ఈసారి 1957కు ముందు పుట్టినవాళ్లలో చాలామందికి కొంత రక్షణ ఉంది. చిన్నప్పుడు వాళ్లకు సోకినవి 1918 వైరస్ సంతతే మరి. దెబ్బ ఎక్కువగా పడింది పిల్లల మీద, నడివయసువాళ్ల మీద.

పంది మాంసం తింటే ఇది రాదు. అయినా ఈజిప్టు సుమారు 3 లక్షల పందులను చంపడానికి ఆదేశాలిచ్చింది. ఆ తర్వాత కథ తిరగబడింది: 2009 నుంచి ఈ వైరస్ మనుషుల నుంచే పందులకు పదేపదే సోకుతూ, వాటిలోని వైరస్‌లతో మళ్లీ ముక్కలు మార్చుకుంటోంది.