మంచులో కారు: ఫ్రంట్ వీలా, రియర్ వీలా? అపోహలు - వాస్తవాలు

నవంబరు రెండో వారం వచ్చిందంటే మా షాపులో ఫోన్ ఆగదు. సంక్రాంతి ముందు మన ఊళ్లో దర్జీ షాపు ఎలా ఉంటుందో, కెనడాలో, అంటారియోలోని బ్రాంప్టన్‌లో టైర్ల షాపు అప్పుడు అలా ఉంటుంది. ఫోన్ చేసే తెలుగువాళ్లలో చాలామంది టైర్ల గురించి అడగరు. "అన్నా, నాది ఫ్రంట్ వీల్ డ్రైవ్, స్నోలో ఓకే కదా?" అంటారు. లేదా "నాది రియర్ వీల్ డ్రైవ్ అట, చలికాలం వచ్చేలోపు అమ్మేయమంటున్నారు, ఎంతొస్తుంది?" అంటారు. ఎవరన్నారు అంటే, గ్రూపులో ఎవరో అన్నారు. ఆ ఎవరో ఎవరో నాకు పన్నెండేళ్లుగా దొరకలేదు. దొరికితే ఒకసారి షాపుకి పిలిచి టీ ఇచ్చి, ఆయన సలహాల వల్ల నా దగ్గరికొచ్చిన బండ్ల ఫొటోలు చూపించాలని ఉంది.

అందరికీ విడివిడిగా చెప్పే ఓపిక అయిపోయింది. అందుకే రాస్తున్నాను. ముందుగా ఒక్క మాట: ఇంజను ముందు చక్రాల్ని తిప్పితే ఫ్రంట్ వీల్ డ్రైవ్, వెనక చక్రాల్ని తిప్పితే రియర్ వీల్ డ్రైవ్, నాలుగింటినీ తిప్పితే ఆల్ వీల్ డ్రైవ్.

అపోహ: "ఫ్రంట్ వీల్ డ్రైవే కదా, ముందు రెండింటికి స్నో టైర్లు వేస్తే చాలు."

పోయిన డిసెంబరులో ఒక సివిక్ కారు టో ట్రక్కు మీద వచ్చింది. ఖమ్మం కుర్రాడిది. పగలు కాలేజీ, రాత్రి వేర్‌హౌస్‌లో పని. కుడివైపు వెనక చక్రం మడమ మెలిపడిన కాలులా లోపలికి తిరిగి ఉంది. ముందు టైర్లు చూస్తే కొత్త వింటర్ టైర్లు (స్నో టైర్లన్నా ఇవే), అంచున ఉండే సన్న రబ్బరు వెంట్రుకలు కూడా ఇంకా రాలలేదు. వెనక పాత ఆల్ సీజన్లు, అంటే ఏడాదంతా వాడే మామూలు టైర్లు. గేజ్ పెట్టి చూస్తే గాడిలో మూడు మిల్లీమీటర్లు మిగిలింది.

"బ్రేక్ కూడా గట్టిగా కొట్టలేదన్నా. ర్యాంపు మలుపులో స్పీడు ఎక్కువైందనిపించి కాలు తీశానంతే. వెనక నుంచి ఎవరో తోసినట్టు తిరిగిపోయింది" అన్నాడు. వెనక చక్రం వెళ్లి రోడ్డు అంచు గట్టుకి తగిలింది. పక్కన లారీ లేదు కాబట్టి నా ఎదురుగా నిలబడి మాట్లాడుతున్నాడు. మాట్లాడుతుండగానే జేబులో ఫోన్ మోగింది, వాళ్లమ్మ. "ఏం లేదమ్మా, టైర్లు మార్పించుకుంటున్నా" అన్నాడు. అబద్ధం కూడా కాదు.

కాలు తీస్తే ఏమవుతుంది? బరువు ముందుకు వాలుతుంది. ముందు టైర్లు మంచి గ్రిప్ ఉన్నవి, పైగా ఇప్పుడు వాటి మీద బరువు కూడా పెరిగింది, అందుకని మలుపుని గట్టిగా పట్టుకుంటాయి. వెనక టైర్లకు ఉన్న కాస్త గ్రిప్ కూడా పోతుంది. ఇక ముందు భాగం తిరుగుతుంటే వెనక భాగం నేరుగా పోతానంటుంది. కారు గింగిరాలు తిరగడమంటే అదే.

నాలుగూ పాత టైర్లే ఉన్నా ఇంత మోసం జరిగేది కాదని చెబితే జనం నమ్మరు. నాలుగూ చెడ్డవైతే కారు సిగ్నల్ దగ్గరే కదలడానికి మొరాయిస్తుంది, మలుపులో ముందు చక్రాలు ముందుగా జారతాయి, మీకు భయం వేసి స్పీడు తగ్గిస్తారు. ముందు రెండే మంచివైతే కారు చక్కగా కదులుతుంది, స్టీరింగ్ చెప్పినట్టు వింటుంది, "అబ్బ, స్నో టైర్లు భలే ఉన్నాయే" అని స్పీడు పెంచుతారు. వెనక సంగతి ర్యాంపు మీద గానీ తెలియదు.

వాడికి రెండు టైర్ల డబ్బు మిగిలింది. పోయినది వెనక సస్పెన్షన్ ఆర్మ్, బేరింగు, రిమ్ము, టో ఖర్చు, రెండు వారాల షిఫ్టులు. లైసెన్సు కొత్తది, ఇన్సూరెన్సు క్లెయిమ్ చేస్తే ప్రీమియం ఎక్కడికి పోతుందోనని అన్నీ చేతినుంచే పెట్టుకున్నాడు.

వేస్తే నాలుగూ వేయండి, నాలుగూ ఒకే రకం. ఒకే రకంలో రెండే అరిగి, రెండే కొత్తవి కొనాల్సి వస్తే ఆ కొత్తవి వెనక్కి వెళ్లాలి. ఫ్రంట్ వీల్ డ్రైవ్ అయినా సరే, వెనక్కే. ఈ మాట చెప్పినప్పుడల్లా కస్టమరు నా వైపు "వీడికి పని వచ్చా" అన్నట్టు చూస్తాడు. చూడనివ్వండి.

ఈ అపోహకి తల్లివేరు ఇంకోటి ఉంది. డ్రైవ్ వీల్స్ అనే మాట వినగానే కారు నడవడమంతా ఆ చక్రాల పనే అనుకుంటాం. ఇంజను తిప్పే చక్రాలు ఏవన్నది కారు కదలడానికే ముఖ్యం. బ్రేకులు అన్ని కార్లకీ నాలుగు చక్రాలకీ ఉంటాయి. ఆగడం, తిరగడం అనే రెండు పనులూ టైరుకీ రోడ్డుకీ మధ్య వ్యవహారం. గంటకు 50 కిలోమీటర్ల వేగంలో బ్రేక్ పట్టాక పొడి రోడ్డు మీద 12, 13 మీటర్లలో ఆగే కారు, అణిగి గట్టిపడిన స్నో మీద 40, 50 మీటర్లు పోతుంది. ఐస్ మీద వంద మీటర్లకు దగ్గర పడుతుంది. మీరు ఉలిక్కిపడి బ్రేక్ మీద కాలు వేసేలోపు పోయే దూరం దీనికి అదనం. ఈ లెక్కలో ఫ్రంట్ వీల్, రియర్ వీల్ అనే మాటే రాదు.

అపోహ: "ఆల్ వీల్ డ్రైవ్ కొన్నాను, నాకు స్నో టైర్లు అక్కర్లేదు."

పై అపోహే, కాస్త ఖరీదైన బట్టలు వేసుకుని వస్తుంది. ఆల్ వీల్ డ్రైవ్ సిగ్నల్ దగ్గర మిమ్మల్ని అందరికంటే ముందు కదిలిస్తుంది. తర్వాతి సిగ్నల్ దగ్గర అందరితో సమానంగానే ఆపుతుంది, బండి బరువైతే ఇంకాస్త కష్టంగా. మాకు ఉత్తరాన బ్యారీ ఊరి వైపు హైవే 400 మీద, జార్జియన్ బే అనే పెద్ద సరస్సు భాగం నుంచి స్నో గాలి కొట్టిన రోజున ఒకసారి వెళ్లి చూడండి, పక్క గుంటల్లో ఎస్‌యూవీలు ఎన్ని పడి ఉంటాయో. కదలడం తేలికైపోయేసరికి రోడ్డు ఎంత జారుతోందో కాలికి తెలియదు. అదే ప్రమాదం.

రియర్ వీల్ కారు నష్టానికి అమ్మి, అప్పు చేసి ఆల్ వీల్ డ్రైవ్ కొని, డబ్బు అయిపోయిందని ఆల్ సీజన్ టైర్లతోనే తిరిగేవాళ్లని చూస్తే నాకు కడుపు మండుతుంది. అందులో పదోవంతు ఖర్చుతో పాత కారుకే నాలుగు టైర్లు వచ్చేవి.

అపోహ: "రియర్ వీల్ డ్రైవ్ స్నోలో పనికిరాదు."

ఇక్కడ నా సొంత గోడు కొంత వినాలి. నేను పని నేర్చుకుంది విజయవాడ ఆటోనగర్‌లో. స్నో అంటే సినిమాలో చూడటమే. కానీ జారుడు తెలుసు. చిన్నప్పుడు మా నాన్నకి అంబాసిడర్ ఉండేది. గుడివాడ దగ్గర మా పొలం దారి నల్లరేగడి. తొలకరి పడితే ఆ మట్టి టైరుకి అట్టలా పట్టుకుని నున్నగా తయారవుతుంది. ఇంజను ముందు, తిరిగే చక్రాలు వెనక, వెనక సీటు ఖాళీ. చక్రం ఉన్నచోటే గిరగిరా తిరిగేది. చుట్టుపక్కల రైతులు నవ్వుకుంటూ వచ్చి రెండు ధాన్యం బస్తాలు డిక్కీలో వేసేవాళ్లు. బండి లేచి కదిలేది. బస్తాలు ఇంటిదాకా తీసుకెళ్లి, మర్నాడు వాళ్లకి తిరిగి ఇచ్చేవాళ్లం.

రియర్ వీల్ డ్రైవ్ గురించి భౌతికశాస్త్రం అంతా ఆ రెండు బస్తాల్లో ఉంది. మామూలు ఫ్రంట్ వీల్ కారులో ఇంజను, గేర్‌బాక్స్ రెండూ డ్రైవ్ చక్రాల మీదే కూర్చుంటాయి, మొత్తం బరువులో సుమారు 60 శాతం ముందే. అందుకే చదును రోడ్డు మీద స్నోలో అది ముందుగా కదులుతుంది. ఎద్దులబండిలా ముందుండి లాగుతుంది కాబట్టి వెనక భాగం బుద్ధిగా వెంట వస్తుంది. రియర్ వీల్ తోపుడుబండి లాంటిది. తోసేటప్పుడు బలం కాస్త ఎక్కువైతే పక్కకు పోతుంది. ఇది నిజం, నేను కాదనను. కానీ పనికిరాదు అనడం వేరు.

కెనడా వచ్చిన రెండో ఏడు నేను కొన్నది పాత క్రౌన్ విక్టోరియా. పొడవాటి బండి, వీ8 ఇంజను, పక్కా రియర్ వీల్ డ్రైవ్. ఇక్కడే అంటారియోలో సెయింట్ థామస్ ఫ్యాక్టరీలో 2011 దాకా తయారైన కారు. మొదటి స్నోలో, ఆల్ సీజన్ టైర్ల మీద, మా అపార్టుమెంటు ముందు వాలు కూడా ఎక్కలేకపోయాను. మూడో ప్రయత్నంలో వెనక భాగం జారి ఎదురింటివాళ్ల చెత్తడబ్బాల్ని దొర్లించింది. మెకానిక్కుని, పరువు పోయింది. మర్నాడు షాపు ఓనరు నవ్వి ఒక మాట అన్నాడు: "ఇదే కారుని మన ప్రావిన్షియల్ పోలీసులు, టొరంటో టాక్సీలు ఎన్ని చలికాలాలు నడిపారో తెలుసా?" నాలుగు వింటర్ టైర్లు జీతంలో పట్టుకుని వేయించాడు. ఐదు చలికాలాలు నడిపాను. మళ్లీ చెత్తడబ్బా ముట్టుకోలేదు.

వాలు మాట వచ్చింది కాబట్టి: ఎత్తు ఎక్కేటప్పుడు బరువు వెనక్కి పోతుంది, కాబట్టి అక్కడ కష్టం ఫ్రంట్ వీల్‌దే. రెండేళ్ల క్రితం ఒకాయన కరోలా తన డ్రైవ్‌వే ఎక్కక గంటసేపు పారతో తవ్వాడు. ఫోన్లో చెప్పాను, వెనక ఎవరూ లేరని చూసుకుని, తిప్పి రివర్సులో ఎక్కించండి అని. ఇంజను దిగువ వైపు వస్తుంది, బరువు డ్రైవ్ చక్రాల మీద పడుతుంది. ఎక్కింది. ఇంటి వాలు మీదే సుమా, రోడ్డు మీద చేయకండి.

జారినప్పుడు ఏం చేయాలన్నది మాత్రం జారింది ముందు చక్రాలా, వెనకవా అన్నదాన్ని బట్టి కొంచెం తేడా. ముందు చక్రాలు జారి కారు తిరగకపోతే మన చేయి స్టీరింగ్‌ని ఇంకా తిప్పేస్తుంది. అది తప్పు. యాక్సిలరేటర్ వదిలి, స్టీరింగ్ కాస్త వెనక్కి తెస్తే టైరు మళ్లీ పట్టుకుంటుంది. వెనక భాగం జారితే మెల్లగా కాలు తీసి, మీరు వెళ్లాల్సిన చోటు వైపు చూస్తూ అటే స్టీరింగ్ పట్టాలి. చెట్టు వైపు చూస్తే చెట్టుకే వెళ్తారు. 2011 సెప్టెంబరు నుంచి ఇక్కడి కొత్త కార్లన్నిటికీ స్టెబిలిటీ కంట్రోల్ (కారు జారితే తనంతట తానే సర్దే కంప్యూటర్ ఏర్పాటు) తప్పనిసరి కాబట్టి చాలావరకు కంప్యూటరే సర్దుతుంది. అయితే ఆ కంప్యూటర్ కూడా వాడేది మీ టైర్ల గ్రిప్‌నే.

మిగతావి గబగబా చెప్పేస్తాను.

డిక్కీలో ఇసుక బస్తాలు? పికప్‌కీ రియర్ వీల్ కారుకీ సరే, వెనక యాక్సిల్ మీద పడేలా పెట్టి కదలకుండా కట్టాలి. ఫ్రంట్ వీల్ కారు డిక్కీలో వేస్తే ముందు భాగం తేలిపోతుంది. మా నాన్న బస్తాల కథ విని ఒకాయన కరోలాలో నాలుగు వేసుకున్నాడు. తప్పు నాదే, కథ సగమే చెప్పాను.

గాలి తగ్గిస్తే గ్రిప్ పెరుగుతుందా? వద్దు. ఉష్ణోగ్రత ఐదారు డిగ్రీలు పడితే గాలి దానంతటదే సుమారు ఒక పీఎస్ఐ (టైరులో గాలి ఒత్తిడిని కొలిచే లెక్క) తగ్గుతుంది. మీరు నింపాలి, తీయడం కాదు.

టైరు మీద 'ఎం ప్లస్ ఎస్' (మడ్ అండ్ స్నో) అని ఉంది, అది స్నో టైరే కదా? కాదు. మూడు శిఖరాల కొండ, మధ్యలో స్నో రేకు ఉన్న బొమ్మ చూడండి. ఏడు డిగ్రీల కిందకు పోతే ఆల్ సీజన్ రబ్బరు డిసెంబరు పొద్దున్నే కొబ్బరినూనె సీసాలా బిగుసుకుంటూ వస్తుంది. వింటర్ టైరు రబ్బరు మెత్తగానే ఉంటుంది.

వెడల్పు టైరు మంచిదా? స్నోలో సన్నదే మంచిది, కోసుకుంటూ కిందికి దిగుతుంది.

మాంట్రియల్ వెళ్తే వింటర్ టైర్లు లేవని ఫైన్ వేస్తారట? మాంట్రియల్ ఉన్న క్యూబెక్‌లో డిసెంబరు 1 నుంచి మార్చి 15 వరకు తప్పనిసరి అన్న రూలు క్యూబెక్ రిజిస్ట్రేషన్ బండ్లకి. అయినా వేసుకునే వెళ్లండి. అంటారియోలో రూలు లేదు గానీ 2016 నుంచి ఇన్సూరెన్సు కంపెనీలు వింటర్ టైర్లకి డిస్కౌంటు ఇవ్వాల్సిందే. అడగనిదే వాళ్లు గుర్తు చేయరు.

స్నోలో ఇరుక్కుని ఇంజను ఆన్ చేసి కూర్చోవాల్సి వస్తే ముందు దిగి సైలెన్సర్ గొట్టం చుట్టూ స్నో తీసేయండి. గొట్టం మూసుకుపోతే పొగలోని విషవాయువు కారులోకే వస్తుంది. ఇది అపోహ కాదు, ప్రాణం సంగతి.

ఏబీఎస్ ఒకటి మిగిలింది, అంటే బ్రేక్ కొట్టినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు. జారే రోడ్డు మీద గట్టిగా బ్రేక్ కొడితే పెడల్ కాలి కింద కొట్టుకుంటుంది, గరగరమని శబ్దం. చాలామంది కారుకేదో అయిందని భయపడి కాలు తీసేస్తారు, సరిగ్గా తీయకూడని క్షణంలో. మా ఆవిడ మొదటి చలికాలమంతా స్టీరింగ్ ముట్టలేదు. ఒక ఆదివారం పొద్దున షాపు వెనక ఖాళీ లాట్‌కి తీసుకెళ్లి, గంటకు 20 కిలోమీటర్ల వేగంలో బ్రేక్ పూర్తిగా తొక్కి పట్టుకోమన్నాను. మొదటిసారి అరిచింది. రెండోసారి నన్ను తిట్టింది. ఐదోసారికి బ్రేక్ తొక్కి పట్టుకునే నా వైపు తిరిగి, "ఇదేంటండీ, అచ్చం మా ఊళ్లో పిండిమర గట్టు మీద నిలబడ్డట్టుంది" అంది.