55 ముక్కల సింగపూర్: ఆ గీతలు ఎక్కడ మొదలవుతాయి?

ఒక పాఠకురాలు ఇలా అడిగారు: "మా అమ్మాయి వాళ్ళు సింగపూర్‌లో టాంపినీస్ అనే చోట ఉంటారు. ఇల్లు వెతికేటప్పుడు ఏజెంటు అది డిస్ట్రిక్ట్ 18 అన్నాడట. ప్రభుత్వ పటంలో చూస్తే ఈస్ట్ రీజియన్ అని ఉంది. అక్కడి కమ్యూనిటీ కార్యక్రమాల కరపత్రం మీదేమో నార్త్ ఈస్ట్ అని వేశారు. ఇంతకీ టాంపినీస్ తూర్పా, ఈశాన్యమా?"

అన్నీ నిజమే. ఒకే దీవి మీద ఎవరి పనికి తగ్గట్టు వాళ్ళు గీసుకున్న పటాలివి. 28 పోస్టల్ డిస్ట్రిక్టులు పాత కాలం నాటివి. 1995లో ఆరంకెల పోస్టల్ కోడ్ వచ్చాక ఉత్తరాలకు వాటి అవసరం తీరిపోయింది, ఇళ్ళ బేరాల్లో మాత్రం ఇప్పటికీ అవే నడుస్తున్నాయి. స్థానిక కార్యక్రమాలు చూసే కమ్యూనిటీ డెవలప్‌మెంట్ కౌన్సిళ్ళు ఐదు. వాటిని ఎన్నికల నియోజకవర్గాలను కలిపి ఏర్పాటు చేశారు కాబట్టి టాంపినీస్ అక్కడ నార్త్ ఈస్ట్‌లో చేరింది. నగర ప్రణాళిక రీజియన్లూ ఐదే, కానీ ఆ ఐదు వేరు, ఈ ఐదు వేరు.

ఈ పటాలన్నిటిలో నాకు బాగా నచ్చేది ప్రణాళికవాళ్ళ పటం. నియోజకవర్గాల గీతలు ఎన్నికలు వచ్చినప్పుడల్లా జరుగుతుంటాయి. ప్రణాళిక గీతలు 1990లలో స్థిరపడ్డాక పెద్దగా కదల్లేదు. అందుకే జనాభా లెక్కలవాళ్ళు కూడా వీటినే వాడుకుంటారు. ఒక చోట ఇరవై ఏళ్ళ కిందట ఎంతమంది ఉండేవారు, ఇప్పుడెంతమంది అని పోల్చాలంటే ముందు ఆ చోటు హద్దులు అలాగే ఉండాలి కదా.

ఈ పటం గీసింది అర్బన్ రీడెవలప్‌మెంట్ అథారిటీ, పొట్టిగా యూఆర్‌ఏ. దాదాపు 735 చదరపు కిలోమీటర్ల దేశాన్ని 5 రీజియన్లు, వాటిలో 55 ప్లానింగ్ ఏరియాలు, మళ్ళీ వాటిలో 300 పైచిలుకు సబ్‌జోన్లుగా విభజించారు. రీజియన్ల పేర్లు సెంట్రల్, ఈస్ట్, వెస్ట్, నార్త్, నార్త్ ఈస్ట్. దక్షిణం పేరుతో రీజియన్ లేదు. పాత నగరం ఉన్న దక్షిణ తీరం సెంట్రల్‌లో కలిసింది. ఇక 55 పేర్లు ఇక్కడ అప్పజెప్పను. మన బళ్ళలో భూగోళం పాఠమంటే పేర్లు బట్టీ పట్టడం, పటానికి రంగులు వేయడమే. ఈ గీత ఇక్కడే ఎందుకుంది అని అడిగించే పంతులుగారు దొరికితే ఆ పిల్లల అదృష్టం.

మామూలుగా భూమిని ఎలా పంచుతాం? వాగో, రోడ్డో చూసుకుని అక్కడ గీత గీస్తాం. ఆ తర్వాత ప్రతి ముక్కకీ ఒక ఆఫీసు పెడతాం. సింగపూర్ సూత్రం దీనికి తిరగబడి ఉంటుంది. సుమారు లక్షన్నర జనాభా, వాళ్ళ అవసరాలు తీర్చే ఒక టౌన్ సెంటర్, ఇదీ ప్లానింగ్ ఏరియాకి మూల కొలత. సబ్‌జోన్ అంటే ఒక చిన్న కేంద్రం, అంటే మార్కెట్టో, నాలుగు దుకాణాల కూడలో, దాని చుట్టూ ఉన్న ప్రాంతం. కాలువలు, హైవేలు చివరికి హద్దులవుతాయి, నిజమే. కానీ ఆలోచన మొదలయ్యేది కేంద్రం దగ్గర.

కాకతీయుల నాటి గొలుసుకట్టు చెరువులు చూసినవాళ్ళకు ఇది వెంటనే తట్టుతుంది. ఆయకట్టు హద్దులు ముందు గీసి, తర్వాత చెరువు ఎక్కడ కట్టాలా అని ఎవరూ వెతకరు. తూము వదిలితే నీళ్ళు ఎంతదూరం పారతాయో అదే ఆయకట్టు. కుంటకు కుంటంత ఆయకట్టు, పెద్ద చెరువుకు పెద్ద ఆయకట్టు. పై చెరువు నిండితే అలుగు పారి కింది చెరువుకు చేరుతుంది. ఊళ్ళన్నిటికీ ఒకటే పెద్ద చెరువు కడితే ఏమవుతుంది? చివరి పొలం దాకా కాలువ తవ్వాలి, తూము దగ్గర కాలువ నదంత వెడల్పు ఉండాలి, దారిలో సగం నీళ్ళు ఇంకిపోతాయి. నగరంలో జనమే నీళ్ళు, రైళ్ళూ రోడ్లే కాలువలు. ఒక్క తేడా ఏమిటంటే, ఇక్కడ ప్రవాహం పొద్దున కేంద్రానికి పోతుంది, సాయంత్రం వెనక్కి వస్తుంది.

ఈ ఆలోచనకు శాస్త్రరూపం ఇచ్చినవాడు వాల్టర్ క్రిస్టాలర్ అనే జర్మన్ భూగోళ శాస్త్రవేత్త. దక్షిణ జర్మనీ ఊళ్ళను పరిశీలించి 1933లో ఈ సిద్ధాంతం చెప్పాడు. ప్రతి సేవకూ రెండు కొలతలుంటాయి. అది నిలదొక్కుకోవడానికి కనీసం ఎంతమంది కావాలన్నది ఒకటి, దానికోసం మనిషి ఎంతదూరం వస్తాడన్నది రెండోది. క్షౌరశాలకు కొన్ని వేలమంది చాలు, దానికోసం రైలెక్కి ఎవరూ రారు. సినిమా హాళ్ళ సముదాయానికి లక్షమంది కావాలి, నాలుగు స్టేషన్లు దాటైనా వస్తారు. ఈ రెండు కొలతల ప్రకారం సేవలను మెట్లుగా పేరిస్తే కింద నైబర్‌హుడ్ (అంటే ఒక చిన్న కేంద్రం చుట్టూ ఉండే పేట), దాని పైన టౌన్, ఆ పైన రీజియన్ వాటంతటవే తేలతాయి.

ఇప్పుడు లెక్క సరిచూద్దాం. 55 ఏరియాలు, ఒక్కోదానికి లక్షన్నర అంటే 82.5 లక్షలు. సింగపూర్ జనాభా 60 లక్షల పైచిలుకే. మిగతావాళ్ళు ఏరి? సెంట్రల్ వాటర్ క్యాచ్‌మెంట్ అనే ఏరియాలో ఉన్నవి రిజర్వాయర్లు, అడవి. చాంగీ అంటే ప్రధానంగా విమానాశ్రయం. టువాస్‌లో కర్మాగారాలు, ఓడరేవు. వీటిని కూడా ఏరియాలుగానే లెక్కపెట్టారు కానీ వీటికి టౌన్ సెంటర్ అక్కర్లేదు. అందుకని హెచ్‌డీబీ, అంటే ప్రభుత్వ గృహనిర్మాణ సంస్థ, కట్టిన టౌన్లనే తీసుకోండి. అవి 24. లక్షన్నరతో గుణిస్తే 36 లక్షలు. పౌరులు, శాశ్వత నివాసులు కలిపి దాదాపు 42 లక్షలు. వాళ్ళలో దగ్గరదగ్గర 80 శాతం హెచ్‌డీబీ ఇళ్ళలోనే ఉంటారు, అంటే 33 లక్షలు. ముతక కొలతకు ఇంత దగ్గరగా రావడం చూస్తే నాకు ముచ్చటేస్తుంది.

ఒక చిరునామా తీసుకుని దగ్గరగా చూద్దాం. టాంపినీస్‌లో గుండ్రంగా కట్టిన ఒక పాత మార్కెట్టు ఉంది. కూరగాయలు, చేపలు, పక్కనే వండి వడ్డించే స్టాళ్ళు. దాని చిరునామా: బ్లాక్ 137, టాంపినీస్ స్ట్రీట్ 11, సింగపూర్ 521137. బ్లాక్ నంబరులోని మొదటి 1 చూడండి, అది ఒకటో నైబర్‌హుడ్. స్ట్రీట్ 11లో పదుల స్థానంలో ఉన్న 1 కూడా అదే, తర్వాతి 1 అందులోని వీధి వరుస. పోస్టల్ కోడ్ చివరి మూడంకెలు మళ్ళీ బ్లాక్ నంబరే. టాంపినీస్‌లో బ్లాక్ 201 అని వింటే, అది రెండో నైబర్‌హుడ్‌లో, స్ట్రీట్ ఇరవై ఏదో దాని మీద ఉంటుందని పటం చూడకుండానే చెప్పొచ్చు. చైనీయులకు 4 అంకె అచ్చిరాదు, చావు అనే మాటలా వినిపిస్తుందని. అయినా టాంపినీస్‌లో నాలుగో నైబర్‌హుడ్ ఉంది, స్ట్రీట్ 41, 42 ఉన్నాయి, 4తో మొదలయ్యే బ్లాకుల్లో జనం హాయిగా కాపురాలు చేస్తున్నారు. లెక్క ప్రకారం పెట్టిన నంబరును నమ్మకం కోసం దాటవేయలేదు.

ఇక రీజియన్లు. ఇవి 1991 కాన్సెప్ట్ ప్లాన్, అంటే దీర్ఘకాల నగర ప్రణాళిక, ఇచ్చిన ఆలోచన. జనాభా ఎప్పటికైనా 40 లక్షలకు చేరుతుందని అప్పట్లో అనుకున్నారు. ఐదుతో భాగిస్తే రీజియన్‌కు 8 లక్షలు. సెంట్రల్‌లో ఎలాగూ పాత నగరం ఉంది. మిగతా నాలుగింటికీ తలా ఒక రీజినల్ సెంటర్ అన్నారు: తూర్పున టాంపినీస్, పడమట జురాంగ్ ఈస్ట్, ఉత్తరాన వుడ్‌ల్యాండ్స్, ఈశాన్యాన సెలెటార్.

వీటి అవసరమేమిటో చిన్న లెక్కతో చూపిస్తాను. అంకెలు ఉదాహరణకే. రీజియన్‌లో 8 లక్షల మంది. సగం మంది ఉద్యోగులు, అంటే 4 లక్షలు. వాళ్ళలో సగం మంది పొద్దున ఒకే గంటలో బయల్దేరతారు, 2 లక్షలు. ఒక రైలు మార్గం గంటకు ఒక దిశలో 30 వేల మందిని మోస్తుందనుకోండి. అందరూ నగరం నడిబొడ్డుకే పోవాలంటే ఏడు మార్గాలు వేయాలి. పైగా ఆ ఏడు మార్గాల రైళ్ళూ తిరుగు ప్రయాణంలో ఖాళీగా వస్తాయి. కోట్లు పోసి కొన్న రైళ్ళలో సగం సామర్థ్యం రోజూ వృథా.

ఇప్పుడు ఆ రీజియన్‌లోనే 2 లక్షల ఉద్యోగాలు పెడదాం. అవన్నీ స్థానికులకే దొరికితే బయటికి పోయేవాళ్ళు గంటకు లక్ష, నాలుగు మార్గాలు చాలు. అయితే అసలు జీవితం అలా ఉండదు. భర్త ఆఫీసు ఒకచోట, భార్య ఆఫీసు ఇంకోచోట. ఆ ఉద్యోగాల్లో సగమే స్థానికులు చేసి, మిగతా లక్షమంది నగరం వైపు నుంచి వచ్చారనుకుందాం. అప్పుడు బయటికి పోయేవాళ్ళు గంటకు లక్షన్నర, ఐదు మార్గాలు. నగరం నుంచి ఇటు వచ్చేవాళ్ళు గంటకు 50 వేలు. అంటే తిరుగు రైళ్ళలో మూడో వంతు నిండాయి! స్థానికులకు ఉద్యోగం దొరకకపోయినా లాభం మిగిలింది. నాకు ఈ భాగమే అన్నిటికన్నా ఇష్టం. రీజినల్ సెంటర్ అంటే ప్రతివాళ్ళకూ ఇంటి పక్కనే కొలువు ఇప్పించడం అనుకుంటారు చాలామంది. అది జరిగితే మంచిదే. జరగకపోయినా ఎదురు దిశలో ప్రవాహం పుడుతుంది, అదే రైలు రెండు వైపులా మనుషుల్ని మోస్తుంది. టాంపినీస్ దగ్గర్లోని చాంగీ బిజినెస్ పార్క్‌లో బ్యాంకుల సాఫ్ట్‌వేర్ పనులు చేసే మనవాళ్ళు పొద్దున ఈ ఎదురు రైళ్ళే ఎక్కుతారు. 2019లో ప్రకటించిన రవాణా ప్రణాళికలో ఇదే లెక్క నిమిషాల్లోకి మారింది. దగ్గరి నైబర్‌హుడ్ సెంటర్‌కు 20 నిమిషాలు, రద్దీ వేళ పదింట తొమ్మిది ప్రయాణాలు 45 నిమిషాల లోపు, అదీ 2040కల్లా సాధించాలన్న లక్ష్యం.

నాలుగు కేంద్రాల్లో ఒకటి అనుకున్నట్టు రాలేదు. సెలెటార్ చివరికి విమాన పరిశ్రమల పార్క్ అయింది. ఈశాన్యంలోని సెంకాంగ్, పుంగోల్‌లలో లక్షల మంది చేరారు, ఉద్యోగాలు ఆ లెక్కన రాలేదు. 2003లో మొదలైన నార్త్ ఈస్ట్ లైన్‌లో పొద్దున నగరం వైపు తొక్కిసలాట ఎందుకో పై లెక్కే చెబుతుంది. ఇప్పుడు పుంగోల్ డిజిటల్ డిస్ట్రిక్ట్ పేరుతో 50 హెక్టార్లలో 28 వేల ఉద్యోగాలు తేవాలని చూస్తున్నారు. మంచి ప్రయత్నమే, కానీ ఆ జనాభాకు చిన్నదని నా అభిప్రాయం.

ఈ నగరంలో గీతలకు ఇంకో చరిత్ర కూడా ఉంది. 1822లో, సింగపూర్‌లో బ్రిటిష్ స్థావరం పెట్టిన రాఫెల్స్ ఆదేశం మీద లెఫ్టినెంట్ ఫిలిప్ జాక్సన్ తయారుచేసిన ప్లాన్‌లో జాతికో పేట ఉండేది. ఐరోపావాళ్ళకు ఒకటి, చైనీయులకు ఒకటి, కోరమాండల్ తీరం నుంచి వెళ్ళిన చూలియాలకు ఒకటి, అరబ్బులకు, సులవేసి దీవి నుంచి వచ్చిన బూగీలకు వేరే. 1989 నుంచి నైబర్‌హుడ్ గీత సరిగ్గా దీనికి వ్యతిరేకమైన పని చేస్తోంది. హెచ్‌డీబీ ఇళ్ళలో భారతీయులు, ఇతరులు కలిపి నైబర్‌హుడ్‌లో 12 శాతం, ఒక బ్లాక్‌లో 15 శాతం మించకూడదు. చైనీయులకు, మలయ్‌లకు వాళ్ళ పరిమితులు వాళ్ళకున్నాయి. అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబం పాత ఫ్లాట్ కొనబోతే ఆ బ్లాక్‌లో కోటా నిండిందేమో ముందు చూసుకోవాలి. అమ్మేటప్పుడు టెన్షన్ ఇంకా ఎక్కువ, ఆ బ్లాక్‌లో చైనీయుల కోటా నిండి ఉంటే వాళ్ళకు అమ్మే వీలుండదు, కొనేవాళ్ళ సంఖ్య పడిపోతుంది. మనుషులు కలిసి బతకాలన్న ఉద్దేశం గొప్పది, దాని ఖర్చు మాత్రం తక్కువ సంఖ్యలో ఉన్నవాళ్ళ మీద ఎక్కువ పడుతుంది.

మన అమరావతి ప్లాన్‌లోనూ ఈ లెక్క కనిపిస్తుంది. 2014 డిసెంబరులో ఒప్పందం కుదిరాక సింగపూర్ సంస్థలే దాన్ని తయారుచేశాయి. 217 చదరపు కిలోమీటర్లు, 2050 నాటికి 35 లక్షల జనాభా, 27 టౌన్‌షిప్‌లు. 35 లక్షలను 27తో భాగించండి. సుమారు 1.3 లక్షలు. టౌన్ కొలత సముద్రం దాటి కృష్ణ ఒడ్డుకు వచ్చింది! కొత్త ఊరి ప్లాన్ అనగానే మన చర్చ ఈశాన్యం పెరిగిందా, నైరుతి తగ్గిందా అన్న దగ్గరే ఆగిపోతుంది. ఏ టౌన్‌షిప్ నుంచి పొద్దున ఎంతమంది ఏ దిక్కుకు పోతారన్నది అడగాల్సిన ప్రశ్న.

తూర్పు రీజియన్‌లోనే పయా లేబార్ అనే ఏరియా ఉంది. ఆ పేరున్న మెట్రో స్టేషన్ వేరే ఏరియా అయిన గేలాంగ్‌లో ఉంటుంది. పయా లేబార్ ఏరియాలో ఉన్నది ప్రధానంగా వైమానిక స్థావరం, ఇళ్ళు దాదాపు లేవు. 2030 తర్వాత ఆ స్థావరాన్ని తరలించి, 800 హెక్టార్లలో లక్షన్నర ఇళ్ళు కడతామని 2022లో ప్రకటించారు. ఇంటికి ముగ్గురేసి వేసుకున్నా నాలుగున్నర లక్షల మంది. పాత కొలత ప్రకారం ఒకే ఏరియాలో మూడు టౌన్ సెంటర్లు కావాలి. విమానాల కోసం పెట్టిన ఎత్తు పరిమితులు పోతే హౌగాంగ్, పుంగోల్, మెరీన్ పరేడ్‌లలో కూడా మరింత ఎత్తుకు కట్టుకోవచ్చు, అంటే ఆ మూడు ఏరియాల జనాభా లెక్కలూ మళ్ళీ వేసుకోవాల్సిందే.