ఇసుక స్తంభంలో ఏటవాలు గీత

గట్టిగా కూరిన ఇసుకను పల్చని రబ్బరు తొడుగులో స్తంభంలా నిలబెట్టి, చుట్టూ నీటి ఒత్తిడి పెట్టి, పైనుంచి నెమ్మదిగా నొక్కుతూ పోతే, మొదట్లో స్తంభమంతా ఇంచుమించు ఒకే తీరున కుదించుకుంటుంది. బలం గరిష్ఠానికి చేరే వేళకు తొడుగు మీద ఏటవాలుగా ఒక గీత పొడచూపుతుంది. ఆ తరువాత పైముక్క కిందిముక్క మీద జారడమే తప్ప మిగతా ఇసుకలో చెప్పుకోదగ్గ మార్పేమీ ఉండదు. ఇంజినీర్లు షియర్ బ్యాండ్ అనే ఈ పట్టీ మందం రేణువుల సగటు వ్యాసానికి సుమారు 10 నుంచి 20 రెట్లు ఉంటుంది, 0.3 మిల్లీమీటర్ల రేణువులైతే 3 నుంచి 6 మిల్లీమీటర్లన్నమాట.

దీన్నే కంప్యూటర్‌లో లెక్కగట్టాలంటే స్తంభాన్ని చిన్నచిన్న ఎలిమెంట్లుగా విడగొట్టి, ఒక్కొక్కదానికీ ఒకే నియమం ఇస్తారు: కొంతమేర నొక్కి వదిలితే తిరిగి యథాస్థితికి రావాలి, హద్దు దాటితే శాశ్వతంగా రూపు మారాలి, గరిష్ఠ బలం తరువాత మెత్తబడాలి. చిక్కంతా ఈ మెత్తబడడంలోనే ఉంది. అన్నిటికన్నా ముందు లొంగిన ఎలిమెంట్ల వరుసే ఆపై వికృతినంతా, అంటే రూపు మార్పునంతా, మోస్తుంది, పక్కవి భారం దించుకుంటాయి. దాంతో పట్టీ మందం సరిగ్గా ఒక ఎలిమెంట్ అంత అవుతుంది. ఎలిమెంట్‌ను సగానికి తగ్గిస్తే పట్టీ సగమవుతుంది, అందులో ఖర్చయ్యే శక్తీ సగమవుతుంది. ఇంకా తగ్గిస్తూ పోతే స్తంభం ఏ శక్తీ ఖర్చు కాకుండానే విరిగిపోతుందనే అసంబద్ధమైన ఫలితం వస్తుంది. మెష్, అంటే ఎలిమెంట్ల వల, సన్నబడేకొద్దీ జవాబు నిజానికి దగ్గర కావాలన్న నమ్మకమే ఇక్కడ తలకిందులవుతుంది. ప్రోగ్రామ్ మాత్రం తరచూ ఏ హెచ్చరికా లేకుండా రంగురంగుల బొమ్మ చూపిస్తుంది కాబట్టి, నా దృష్టిలో ఇది మామూలు లెక్కతప్పు కన్నా ప్రమాదకరం.

ఇటువంటి పట్టీ ఏ స్థితిలో మొదలవగలదో 1975లో రుడ్నికీ, రైస్ అనే పరిశోధకులు గణితపరంగా చూపించారు. మందం ఎంతో మాత్రం ఆ షరతు చెప్పదు. ప్రతిబలం (పదార్థం లోపలి ఒత్తిడి), వికృతి అనే రెండిటితోనే నియమం రాస్తే అందులో పొడవు ఊసే ఉండదు. వికృతి అంటే పొడవులో మార్పుకూ అసలు పొడవుకూ ఉన్న ఉత్త నిష్పత్తి. ఇసుకకు మిల్లీమీటరు తెలుసు, ఎందుకంటే దానికి రేణువు ఉంది. సమీకరణానికి అది తెలియదు.

కాంక్రీటు పగుళ్ల విషయంలో ఇదే చిక్కుకు బజాంట్, ఓ అనే ఇద్దరు పరిశోధకులు 1983లో సూటి మార్గం చూపారు: ఎలిమెంట్ పరిమాణాన్ని బట్టి మెత్తబడే వేగాన్ని సవరించి, పగులు వైశాల్యానికి తగిన శక్తే ఖర్చయ్యేలా చూడడం. వాడుకకు ఇది సులువే గానీ, పగులు మెష్ గీతల వెంటే పోవాలనే మొగ్గును పూర్తిగా వదిలించలేదు. ఇసుకకు నాకు నచ్చేది కోసెరా సోదరులు 1909లో ప్రచురించిన ఆలోచన. అందులో పదార్థంలోని ప్రతి బిందువూ కదలడమే కాదు, స్వతంత్రంగా తిరగగలదు కూడా. ఆ తిరగడంతో పాటే ఒక పొడవు సమీకరణాల్లోకి వస్తుంది. 1987లో మ్యూల్‌హౌస్, వర్దులాకిస్ దీని సాయంతో ఇసుక పట్టీ మందాన్ని రేణువు పరిమాణంతో ముడిపెట్టారు. ఎక్స్‌రే టోమోగ్రఫీతో ఇసుక లోపలికి చూస్తే పట్టీలోని రేణువులు నిజంగానే గట్టిగా తిరుగుతుంటాయి. అయితే లాగి తెంచినప్పుడు ఈ తిరుగుడు దాదాపు ఉండదు కనుక, అక్కడ చుట్టుపక్కల బిందువుల వికృతుల సగటును తీసుకునే పద్ధతి వంటి మరో దారి పట్టక తప్పదు.