ఆగస్టులో అందరూ ఛాంపియన్లే: కాలేజ్ ఫుట్‌బాల్ అంచనాల మీద అపోహలు - వాస్తవాలు

డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటాను. అమెరికన్ కాలేజ్ ఫుట్‌బాల్ జట్లు రాబోయే సీజన్‌లో ఎలా ఆడొచ్చో లెక్కగట్టే మోడల్స్ తయారు చెయ్యడం నా పని. మనం ఫుట్‌బాల్ అనేది కాదు, కోడిగుడ్డు ఆకారం బంతితో ఆడేది. ఆస్టిన్‌లోనో (టెక్సస్ యూనివర్సిటీ) కాలేజ్ స్టేషన్‌లోనో (టెక్సస్ ఏ అండ్ ఎమ్) ఎమ్మెస్ చేసిన మనవాళ్లు మా కాలనీలో వీధికి నలుగురున్నారు. జూన్ దాటిందంటే ఏ ఫంక్షన్‌కి వెళ్లినా బిర్యానీ ప్లేటు పట్టుకుని ఎవరో ఒకరు పక్కన చేరతారు. "ఈసారి మనది 11-1 అన్నా, రాసిపెట్టుకో." అంటే 11 గెలుపులు, ఒక ఓటమి. పోయినేడు కూడా ఇదే అన్నాడని గుర్తు చేస్తే, పోయినేడు వేరు అంటాడు.

వాళ్ల వాదనల్లో నాకు మళ్లీ మళ్లీ తగిలేవి కొన్ని ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: సీజన్ ముందు ర్యాంకు వచ్చిందంటే జట్టు ఖాయంగా ఆ స్థాయిలో ఉంటుంది

ఏపీ పోల్ అంటే ఆంధ్రప్రదేశ్ పోల్ కాదు, అసోసియేటెడ్ ప్రెస్ కోసం క్రీడా విలేకరులు వేసే ఓట్ల జాబితా. సీజన్ మొదలవకముందే ఈ జాబితా ఇవ్వడం 1950 నుంచీ ఉంది. నా దృష్టిలో ఇది ఉగాది పంచాంగ శ్రవణం లాంటిది. రాజపూజ్యం ఎంత, అవమానం ఎంత అని ఆసక్తిగా వింటాం, నచ్చిన అంకె వస్తే పక్కవాడికి చెప్తాం, రానిదాన్ని మర్చిపోతాం.

2025 చూడండి. టెక్సస్‌కి చరిత్రలో మొదటిసారి సీజన్ ముందు నంబర్ 1 ర్యాంకు దక్కింది. ఆస్టిన్ వాళ్లు ఆ ఆగస్టంతా నేల మీద నడవలేదు. మొదటి మ్యాచ్‌లోనే ఒహాయో స్టేట్ 14-7తో ఓడించింది. చివరికి 10-3తో ముగించారు, టైటిల్ తేల్చే ప్లేఆఫ్‌కి వెళ్లలేదు. ఇంకా వింత ఏంటంటే, నంబర్ 2 పెన్ స్టేట్, నంబర్ 4 క్లెమ్సన్ డిసెంబరులో, ప్లేఆఫ్‌కి వెళ్లని జట్లు ఆడే పిన్‌స్ట్రైప్ బౌల్‌లో ఒకరికొకరు ఎదురయ్యారు. ఆగస్టులో ఈ మ్యాచ్ పేరు చెబితే జాతీయ ఫైనల్ అనుకునేవాళ్లు. ఆ మ్యాచ్ అయ్యాక ఇద్దరి లెక్కా 7-6. అదే జాబితాలో 20వ స్థానంలో ఉన్న ఇండియానా ఆడిన 16 మ్యాచ్‌లూ గెలిచి టైటిల్ ఎత్తుకెళ్లింది.

అలాగని జాబితా చెత్తబుట్టలో వేసేది కాదు. ఆ మొదటి పదిమందిలో ఒహాయో స్టేట్, జార్జియా, ఆరిగన్, అలబామా, మయామి, అంటే ఐదు జట్లు 12 జట్ల ప్లేఆఫ్‌కి చేరాయి. 136 జట్లున్న డివిజన్‌లో ఆగస్టులోనే పదిలో ఐదు పట్టుకోవడం తక్కువేం కాదు. మా మోడల్స్ కూడా దీనికంటే ఎంతో గొప్పగా చేస్తాయని చెప్పుకోను. తేడా ఒకటే: మేం ఎంత తప్పొచ్చో కూడా పక్కన రాస్తాం.

అపోహ: పోయినేడు గెలుపోటములు చూస్తే జట్టు సంగతి తెలిసిపోతుంది

నా దగ్గరకి కొత్తగా పనిలో చేరినవాళ్లకి నేను మొదట చూపించేది 2021 నెబ్రాస్కా జట్టు. 3 గెలుపులు, 9 ఓటములు. అంకె చూస్తే ఘోరం. కానీ ఆ తొమ్మిది ఓటముల్లో ఒక్కదాంట్లో కూడా తేడా 9 పాయింట్లు దాటలేదు. సీజన్ మొత్తం కూడితే ఎదుటివాళ్ల కంటే 63 పాయింట్లు ఎక్కువే చేశారు. మూడే గెలిచిన జట్టుకి పాయింట్ల లెక్కలో మిగులు!

దగ్గరి మ్యాచ్‌లు గెలవడంలో నైపుణ్యం పాత్ర అభిమానులు అనుకునేంత ఉండదు. చేజారిన బంతి ఎవరికి దొరుకుతుందనేది దాదాపు బొమ్మా బొరుసే. ఆ ఆకారం బంతి నేలకి తగిలితే ఎటు ఎగురుతుందో ఏ కోచ్ నేర్పగలడు? అందుకే మేం 9-3 జట్టుని చూసినప్పుడు గెలుపుల కంటే ముందు పాయింట్ల తేడా చూస్తాం. ఆ తర్వాత ఒక్కో ఆటకి (ప్లే, అంటే మ్యాచ్‌లో బంతి ఒకసారి కదిలి ఆగేవరకు) సగటున ఎన్ని గజాలు సాధించారు, టర్నోవర్లు (బంతి ఎదుటివాళ్ల చేతికి పోవడం) ఎటువైపు పడ్డాయి అనేవి చూస్తాం. పోయినేడు ఎదుటివాళ్ల ఫంబుల్స్ (చేజార్చిన బంతులు) అన్నీ ఒళ్లో వచ్చిపడ్డ జట్టుకి ఈ ఏడు అలాగే పడతాయని నమ్మితే మునిగినట్టే.

ఇక్కడే నా వృత్తివాళ్లు చేసే తప్పు కూడా చెప్పాలి. "నెబ్రాస్కాకి దురదృష్టం పట్టింది, 2022లో లేస్తుంది" అని లెక్క తెలిసినవాళ్లంతా ధైర్యంగా చెప్పారు. నేనూ నమ్మాను. మూడో మ్యాచ్‌లోనే జార్జియా సదరన్ చేతిలో 45-42తో ఓడి, కోచ్ స్కాట్ ఫ్రాస్ట్‌ని పంపించేశారు. ఆ ఏడు 4-8. అదృష్టం సగటుకి రావాలనే గానీ, బాకీ తీర్చాలనే నియమం దానికి లేదు.

అపోహ: ఫైవ్ స్టార్ కుర్రాళ్లు ఎక్కువుంటే టైటిల్ మనదే

ఇది సగం నిజం, అందుకే ఎక్కువ ప్రమాదం. చాలా ఏళ్లపాటు టైటిల్ గెలిచిన జట్లన్నిటికీ ఒక పోలిక ఉండేది. హైస్కూల్ ఆటగాళ్లకి ఐదు స్టార్ల దాకా ఇచ్చే రేటింగులో, వాళ్లు చేర్చుకున్న కుర్రాళ్లలో సగానికి పైగా నాలుగు, ఐదు స్టార్లవాళ్లే. దీన్ని బ్లూ చిప్ రేషియో అంటారు. 2025లో ఇండియానా ఆ గీతకి చాలా కింద ఉండి గెలిచి, ఆ సూత్రాన్ని పక్కన పెట్టించింది.

పైగా టెక్సస్ ఏ అండ్ ఎమ్ సంగతి ఉండనే ఉంది. 2022లో దేశంలోనే మొదటి ర్యాంకు రిక్రూటింగ్ క్లాసు (ఆ ఏడు చేర్చుకున్న కొత్త కుర్రాళ్ల బృందం) వాళ్లది. సీజన్ ముందు ర్యాంకు 6. సొంతగడ్డ మీద అప్పలాచియన్ స్టేట్‌తో 17-14తో ఓడి, ఆ ఏడు 5-7తో ముగించారు. మా ఎదురింటి ఆగీ (ఆ కాలేజీలో చదివినవాళ్లని అలా అంటారు) ముందు ఇప్పటికీ ఆ మ్యాచ్ ఎత్తను, ఎత్తితే టీ కూడా ఇవ్వడు.

కారణం పెద్ద రహస్యమేం కాదు. పద్దెనిమిదేళ్ల కుర్రాడు ఎంత మెరిసినా, లైన్‌లో వాడి ఎదురుగా నిలబడేది నాలుగేళ్లు వెయిట్ రూములో గడిపిన ఇరవై రెండేళ్ల మనిషి. స్టార్లు ఫలించడానికి రెండు మూడేళ్లు పడుతుంది. అప్పటికి ఆ కుర్రాడు ఇంకో కాలేజీలో ఉండొచ్చు.

అపోహ: పోర్టల్‌లో పాతికమంది వెళ్లిపోయారు, ఇక పనైపోయింది

ట్రాన్స్‌ఫర్ పోర్టల్, అంటే కాలేజీ మారాలనుకునే ఆటగాళ్లు పేరు నమోదు చేసుకునే జాబితా, 2018 అక్టోబరులో మొదలైంది. 2021 నుంచి మొదటిసారి కాలేజీ మారినవాళ్లు ఏడాది బెంచీ మీద కూర్చోకుండా వెంటనే ఆడొచ్చన్నారు. అదే ఏడు జులై 1 నుంచి ఆటగాళ్లు తమ పేరు మీద డబ్బు సంపాదించుకోవచ్చన్నారు. దాంతో జనవరిలో జట్లు సంతలా మారిపోయాయి. అభిమానులు మాత్రం ఇంకా తలలు లెక్కపెడుతున్నారు. ఎంతమంది పోయారన్నది పట్టించుకోకండి. పోయినవాళ్లు పోయినేడు ఎన్ని ఆటలకి మైదానంలో ఉన్నారో చూడండి. మేం తిరిగొచ్చే అనుభవం అని లెక్కించేది అదే. అందులో బంతి విసిరి ఆట నడిపించే క్వార్టర్‌బ్యాక్‌కి, అతన్ని కాచే అఫెన్సివ్ లైన్‌కి బరువు ఎక్కువ వేస్తాం. ఎప్పుడూ ఆడని ఇరవైమంది పోయినా నాకు నిద్ర పడుతుంది. ఆ లైన్‌లో ఎడమవైపు నిలబడే టాకిల్ ఒక్కడు పోతే పట్టదు.

ఇండియానా కథ మొదలైంది కూడా పోర్టల్‌లోనే. 2023లో 3-9 జట్టు అది. కోచ్ కర్ట్ సిగ్నెట్టి వస్తూ వస్తూ తన పాత కాలేజీ జేమ్స్ మాడిసన్ నుంచి 13 మందిని వెంట తెచ్చుకున్నాడు. వాళ్లకి పేరు లేదు గానీ ఆయన పద్ధతి తెలుసు. 2024లో 11-2. మరుసటేడు క్వార్టర్‌బ్యాక్ ఫెర్నాండో మెండోజా కాలిఫోర్నియా యూనివర్సిటీ నుంచి వచ్చి, దేశంలో ఉత్తమ కాలేజీ ఆటగాడికిచ్చే హైజ్మన్ ట్రోఫీ గెలిచాడు. తెచ్చిన ఆటగాడు ఎంత మెరుగో ఒక్కటే చూస్తే చాలదు, వచ్చినచోట వాడికి పని ఎంత తెలుసో కూడా చూడాలి. దాన్ని అంకెల్లో పెట్టడం మాకింకా సరిగ్గా చేతకాదు.

అపోహ: స్ప్రింగ్ గేమ్‌లో కుర్రాడు అదరగొట్టాడు

స్ప్రింగ్ గేమ్ అంటే వసంతంలో జట్టు తనలో తానే ఆడుకునే ప్రాక్టీస్ మ్యాచ్. ఎదురుగా ఆడింది సొంత జట్టు రెండో వరస. టెక్సస్, నెబ్రాస్కా లాంటివి 2025లో ఆ ఆటనే పాత పద్ధతిలో పెట్టడం మానేశాయి. దీని మీద ఇంతకంటే రాయడానికేం లేదు.

అపోహ: షెడ్యూల్ ముందేసుకుని టిక్కులు పెడితే చాలు

ఇది అన్నిటికంటే పెద్దది. అభిమాని షెడ్యూల్ తీసి "ఇది గెలుస్తాం, ఇదీ గెలుస్తాం, ఇదొక్కటి కష్టం" అని గీసుకుంటూ పోతాడు. చివర్న 11-1 తేలుతుంది. లెక్క ఎక్కడ తప్పింది?

మీ జట్టుకి ప్రతి మ్యాచ్‌లోనూ 80 శాతం గెలుపు అవకాశం ఉందనుకోండి. చాలా గొప్ప జట్టది. టిక్కులు పెడితే 12-0 వస్తుంది. కానీ నిజంగా పన్నెండూ గెలిచే అవకాశం వందకి 7 కూడా లేదు. సగటున వచ్చేది 9.6 గెలుపులు. 8 లేదా అంతకంటే తక్కువ గెలవడం ఐదేళ్లకోసారి జరుగుతుంది, జట్టులో ఏ లోపమూ లేకుండానే. అప్పుడు కోచ్‌ని తీసెయ్యమని బోర్డులు పడతాయి. అదే జట్టు అదే ఆటతో 11 గెలిచిన ఏడు ఆయన పేరు పిల్లలకి పెట్టుకుంటారు.

కిందటి నెల మా ఇంట్లో ఇద్దరు మిత్రులు టెక్సస్ 2026 సీజన్ మీద గొంతులు పెంచారు. ఒకడు 11-1, ఇంకొకడు 8-4. టెక్సస్ ఆడే కాన్ఫరెన్స్ (జట్ల గ్రూపు) ఎస్ఈసీలో ఈ ఏడు నుంచి ఎనిమిది బదులు తొమ్మిది కాన్ఫరెన్స్ మ్యాచ్‌లు, సెప్టెంబరు 12న ఒహాయో స్టేట్ ఆస్టిన్‌కి వస్తోంది, కాబట్టి వాదనకి సరుకు బానే ఉంది. చెరో కాగితం ఇచ్చి, ఒక్కో మ్యాచ్ పక్కన గెలుపు శాతం రాయమన్నాను, టిక్కులు వద్దన్నాను. తర్వాత కూడాం. 11-1 అన్నవాడిది 9.3 వచ్చింది, 8-4 అన్నవాడిది 8.8. అరగంట అరుచుకున్నది అర గెలుపు కోసం.

ఒక్క ఒహాయో స్టేట్ దగ్గరే నిజమైన తేడా ఉంది. ఒకడు 60 రాశాడు, ఇంకొకడు 40. సొంతగడ్డకి రెండు మూడు పాయింట్లకి మించి విలువ ఇవ్వొద్దని నేను చెప్పబోయాను గానీ, అప్పటికే ఇద్దరూ ఆ ఒక్క మ్యాచ్ మీద మళ్లీ మొదలెట్టారు.