తక్కువ రేటులో క్రోమ్ ఇంజిన్ కవర్లు: కొనేముందు తెలియాల్సిన అపోహలు, వాస్తవాలు

తిరుపతిలోనైనా చిత్తూరులోనైనా స్పేర్ పార్ట్స్ కౌంటర్ దగ్గర వినిపించే మాట ఒకటే: "అన్నా, తక్కువలో బాగా మెరిసేది ఇయ్యి." కొత్తలో అన్నీ మెరుస్తాయి. ఈశాన్య రుతుపవనాల వాన ఒక్క సీజన్ పడ్డాక ఏది నిలబడింది, ఏది పొక్కులు లేచింది అన్నదే అసలు లెక్క.

ముందు ఒక సంగతి. బైక్ ఇంజిన్‌కి క్రోమ్ కవర్ అనే పేరుతో రెండు వేర్వేరు వస్తువులు అమ్ముతున్నారు. ఒకటి, ఇంజిన్ పక్కల ఉన్న క్లచ్ కవర్ లేదా మాగ్నెట్ (కరెంటు పుట్టించే భాగం) కవర్ విప్పేసి దాని స్థానంలో బిగించే పూర్తి కవర్. రెండోది, ఉన్న కవర్ మీదే తొడిగే రేకు లేదా ప్లాస్టిక్ తొడుగు. మొదటిదానికి ఇంజిన్ విప్పాలి, రెండోదానికి అక్కర్లేదు. ఈ తేడా అడగకుండా రేట్లు పోల్చుకుంటే మోసపోయేది మనమే.

అపోహ: క్రోమ్ వేశారంటే ఇక తుప్పు పట్టదు.

క్రోమ్ పొర అనుకున్నంత మందం కాదు. అలంకారానికి వేసే క్రోమ్ సాధారణంగా అర మైక్రాన్ (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) కూడా ఉండదు. మన తల వెంట్రుక మందం డెబ్బై మైక్రాన్ల దాకా ఉంటుంది, దాంతో పోల్చి చూడండి. పైగా ఆ పొరలో కంటికి కనిపించని పగుళ్లు ఉంటాయి. లోహాన్ని నిజంగా కాపాడేది క్రోమ్ కింద ఉన్న నికెల్. మంచి పనిలో ముందు రాగి, దానిమీద 10 నుంచి 30 మైక్రాన్ల నికెల్, ఆ తర్వాత క్రోమ్ వేస్తారు. చవక సరుకులో కోత పడేది ఈ నికెల్‌లోనే. పైన మెరుపు మాత్రం అలాగే ఉంటుంది కాబట్టి చూస్తే తెలియదు.

నికెల్ పలచగా ఉంటే సన్న రంధ్రాల్లోంచి తేమ లోపలికి దిగుతుంది. కింద ఇనుప రేకు ఉంటే గోధుమ రంగు చుక్కలు పడతాయి. కింద అల్యూమినియం ఉంటే తెల్ల పొడి కట్టి, పొర పొక్కులా లేచి గోరుతో గీకితే ఊడొస్తుంది. అల్యూమినియంకి ఇంకో చిక్కుంది. గాలి తగలగానే దానిమీద ఆక్సైడ్ పొర కట్టేస్తుంది కాబట్టి ప్లేటింగ్‌కి ముందు జింకేట్ ద్రావణంలో (పలచటి జింక్ పొర పట్టించే ద్రావణం) ముంచాలి. ఆ మెట్టు సరిగా చేయకపోతే పైన ఎంత నికెల్ వేసినా పట్టు ఉండదు.

సూళ్లూరుపేట, పులికాట్ వైపు రోజూ తిరిగే బండికి ఉప్పుగాలి తోడవుతుంది. అక్కడివాళ్లు చవక ఇనుప తొడుగుల జోలికి వెళ్లకపోవడమే మేలు.

అపోహ: అయస్కాంతం అంటుకోకపోతే అసలు సరుకు, అంటుకుంటే నకిలీ.

సగం నిజం. గట్టిగా అతుక్కుంటే లోపల ఇనుప రేకు ఉన్నట్టే, సాధారణంగా తుప్పు పట్టే రకమే. స్టెయిన్‌లెస్‌లో కూడా 430 గ్రేడు రేకుకు అయస్కాంతం పడుతుంది. అంటుకోకపోతే మాత్రం అది అల్యూమినియం కావచ్చు, 304 స్టెయిన్‌లెస్ కావచ్చు, ఉత్త ప్లాస్టిక్ కూడా కావచ్చు. అల్యూమినియం మీద మందంగా నికెల్ వేస్తే చిన్న బలమైన అయస్కాంతం కొద్దిగా లాగినట్టు అనిపిస్తుంది, అది లోపం కాదు. కాబట్టి అయస్కాంతం ఒక్కటే చాలదు. వేలితో కొట్టి శబ్దం వినండి, చేత్తో బరువు చూడండి, లోపలి వైపు తిప్పి చూడండి. పోత అల్యూమినియం లోపల గరుకుగా, బూడిద రంగులో ఉంటుంది.

అపోహ: మెరుపు ఒకేలా ఉంటే సరుకూ ఒకటే.

షాపులోనే ఐదు నిమిషాల్లో తేల్చుకోవచ్చు. కవర్‌ని ట్యూబ్‌లైట్ కింద పట్టుకుని మెల్లగా తిప్పండి. లైటు గీత వంకర్లు పోకుండా సాగితే బఫింగ్ (తిరిగే గుడ్డ చక్రానికి పట్టి నునుపు చేయడం) బాగా చేశారు. తర్వాత బోల్టు రంధ్రాల లోపలి అంచులు, లోతుగా ఉన్న మూలలు చూడండి. క్రోమ్ లోతులకు సులువుగా చేరదు. అందుకే హడావుడి పనిలో అక్కడ నికెల్ బయటపడి కాస్త పసుపు ఛాయ కనిపిస్తుంది, క్రోమ్ పట్టిన చోట నీలి ఛాయ ఉంటుంది. పసుపు కనిపించిన చోటే ముందు మసకబారుతుంది.

క్రోమ్ స్ప్రే పెయింట్ కొట్టినవి కూడా క్రోమ్ పేరుతోనే అమ్ముతారు. వాటిలో ముఖం కనిపిస్తుంది కానీ కాస్త బూడిదగా, పొగమంచు పట్టినట్టు ఉంటుంది. షాపువాళ్లు ఒప్పుకుంటే, కనిపించని మూలలో దూదికి థిన్నర్ అద్ది రుద్దండి. దూదికి వెండి రంగు అంటుకుంటే అది పెయింటే. ఒప్పుకోకపోతే ఎందుకో మీకే అర్థమవుతుంది.

అపోహ: 350 అంటే 350యే, ఏ కవరైనా పడుతుంది.

పడదు. రాయల్ ఎన్‌ఫీల్డ్‌నే తీసుకుంటే, పాత క్లాసిక్ 350లో ఉన్నది 346 సీసీ యూసీఈ (యూనిట్ కన్‌స్ట్రక్షన్) ఇంజిన్. 2020 నవంబరులో మీటియోర్‌తో, 2021 సెప్టెంబరులో కొత్త క్లాసిక్‌తో వచ్చింది 349 సీసీ జే సిరీస్. ఇంజిన్ మొత్తం వేరు, కవర్లు వేరు, కవర్ కింద ఆయిల్ కారకుండా పెట్టే ప్యాకింగులు (గాస్కెట్లు) వేరు. అంతకుముందు కాస్ట్ ఐరన్ బుల్లెట్‌ది ఇంకో లెక్క. మద్రాసు పుదుపేటకో, బెంగళూరు జేసీ రోడ్డుకో వెళ్లి కొనేవాళ్లు బండి పేరు, సంవత్సరం చెప్పి ఊరుకోకండి. కవర్ ఫోటో రెండు వైపులా తీసుకెళ్లండి, బోల్టుల లెక్క రాసుకెళ్లండి. అంత దూరం నుంచి మార్పిడికి మళ్లీ వెళ్తే చవకగా కొన్న లాభం చార్జీలకే సరిపోతుంది.

అపోహ: కవర్ మార్చడం అరగంట పని, నాలుగు బోల్టులు తీసి బిగించడమే.

చవకగా కొన్న కవర్ ఖరీదయ్యేది ఇక్కడే. కవర్ రేటుకి కొత్త ప్యాకింగ్, ఆయిల్, కిక్ షాఫ్ట్ ఆయిల్ సీల్, కూలి కలుపుకుని చూస్తేనే అసలు ఖర్చు తెలుస్తుంది. ఆయిల్ 100 సీసీ బండికి దాదాపు లీటరు, 350కి అంతకంటే బాగా ఎక్కువే. కచ్చితమైన కొలత మీ బండి మాన్యువల్‌లో ఉంటుంది.

విప్పేముందు కొత్త కవర్ ప్యాకింగ్ కూర్చునే ముఖం చూడాలి. క్రోమ్‌కి ముందు బఫ్ చక్రానికి పట్టినప్పుడు ఆ అంచు గుండ్రమైపోతుంది. చదునుగా ఉండాల్సిన అంచు గుండ్రమైతే ప్యాకింగ్ సగమే పట్టుకుంటుంది, ఆయిల్ చెమటలా కారుతుంది. అద్దం పలక మీద కవర్‌ని బోర్లించి, చుట్టూ 0.10 మి.మీ. ఫీలర్ గేజ్ (సందు కొలిచే పలచటి రేకు) దూర్చి చూడండి. దూరితే ఆ కవర్ వద్దు. ఆ ముఖం మీద, బేరింగ్ లేదా బుష్ కూర్చునే రంధ్రాల్లో ప్లేటింగ్ పట్టి ఉన్నా వద్దు. ప్లేటింగ్‌కి ముందు వాటిని మూసి ఉంచాలి, మూయలేదంటే కొలత తగ్గిపోయినట్టే.

విప్పేటప్పుడు అట్టముక్క మీద కవర్ బొమ్మ గీసి, ఏ బోల్టు ఎక్కడిదో అక్కడే గుచ్చండి. ఒకే కవర్‌లో రెండు మూడు పొడవుల బోల్టులుంటాయి. పొడుగు బోల్టు పొట్టి రంధ్రంలో పడితే కేసు పగులుతుంది. పొట్టిది పొడుగు రంధ్రంలో పడితే రెండు మూడు చుట్లే పట్టి థ్రెడ్ ఊడొస్తుంది. కవర్ రాకపోతే స్క్రూడ్రైవర్ దూర్చి లేపొద్దు, ఆ గీత జీవితాంతం ఆయిల్ కారుస్తుంది. రబ్బరు సుత్తితో చుట్టూ తట్టితే వచ్చేస్తుంది. మాగ్నెట్ కవర్ లోపల కాయిల్ బిగించి ఉండే బండ్లలో రోటర్ అయస్కాంతం కవర్‌ని గట్టిగా లాక్కుంటుంది. తిరిగి పెట్టేటప్పుడు వేళ్లు మధ్యలో ఉంచొద్దు.

క్లచ్ కవర్ ఊడదీస్తే కిక్ షాఫ్ట్ మీది వాషర్ ఆయిల్‌కి అంటుకుని పాత కవర్‌తో వెళ్లిపోతుంది, వెతికి తీసి దాని చోట పెట్టాలి. కవర్‌ని సరైన చోట కూర్చోబెట్టే రెండు డవల్ పిన్నులు ఉన్నాయో లేదో చూసుకోవాలి. పాత ప్యాకింగ్ ముక్కలు బ్లేడుతో పడుకోబెట్టి గీకి తీయాలి. కిక్ షాఫ్ట్ పళ్లమీద పలచటి ప్లాస్టిక్ కవర్ ముక్క చుట్టి, కొంచెం గ్రీజు రాసి కొత్త కవర్ ఎక్కించాలి. లేదంటే ఆ పళ్లకు కొత్త సీల్ పెదవి చీరిపోతుంది, వారానికే కిక్ దగ్గర ఆయిల్ మరక కనిపిస్తుంది.

బోల్టులన్నీ ముందు చేత్తో వేలాడేలా పెట్టి ఒకసారి వంగి చూడండి. తలలన్నీ కవర్ పైకి ఒకే ఎత్తులో ఉండాలి. ఒకటి ఎత్తుగా ఉంటే అది తప్పు రంధ్రంలో ఉంది. తర్వాత ఎదురెదురు బోల్టులు చొప్పున రెండు మూడు విడతల్లో బిగించాలి. 6 మి.మీ. బోల్టుకి 10 న్యూటన్ మీటర్ల బిగువు చాలు. పొడుగు రెంచ్‌తో బలమంతా పెట్టేవాడి చేతిలోనే థ్రెడ్లు పోతాయి. పోతే హెలికాయిల్ (పాడైన థ్రెడ్ స్థానంలో వేసే తీగ చుట్ట) వేయించడం లాంటి మరమ్మతు తప్పదు.

అపోహ: గమ్ము ఎక్కువ పూస్తే ప్యాకింగ్ లేకపోయినా లీక్ ఉండదు.

పేపర్ ప్యాకింగ్ మందం కూడా కొలతలో భాగమే, తీసేస్తే లోపలి ఖాళీ తగ్గుతుంది. ఎక్కువ పూసిన గమ్ము లోపలికి పిసుక్కుని, ముక్కలై ఆయిల్ జాలీకి అడ్డం పడుతుంది. కాయిల్ వైర్ బయటికొచ్చే రబ్బరు దగ్గర కొంచెం రాస్తే చాలు.

అపోహ: తొడుగు వేసుకుంటే ఏ బెడదా ఉండదు.

ఇంజిన్ విప్పాల్సిన పని లేదు, నిజమే. డబుల్ టేపుతో అంటించే రకమైతే టేపు నాణ్యతే ప్రాణం. కింది కవర్ మీద జిడ్డు లేకుండా ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, అంటించి, గట్టిగా నొక్కి, మూడు రోజులు నీళ్లు తగలనీయకూడదు. మామూలు ఫోమ్ టేపు ఇంజిన్ వేడికి మెత్తబడి, ఏదో ఒక స్పీడ్ బ్రేకర్ దగ్గర తొడుగు రాలిపోతుంది.

బోల్టులతో బిగించే రకమైతే, తొడుగు మందం ఎంతో బోల్టు అంత పొడుగు పెంచాలి. అల్యూమినియంలో 6 మి.మీ. బోల్టు కనీసం 9 మి.మీ. లోతు పట్టుకుని ఉండాలి. పాత బోల్టులతోనే సరిపెట్టిన తొడుగు చాలా థ్రెడ్లను మింగుతుంది.

తొడుగుకీ కవర్‌కీ మధ్య వాన నీళ్లు, రోడ్డు దుమ్ము చేరి ఎండవు. చిత్తూరు చుట్టుపక్కల గ్రానైట్ దుమ్ములో తిరిగే బండ్లలో అది తడిసి బంకలా గట్టిపడుతుంది. కింద ఆయిల్ చెమరిస్తున్నా తెలియదు. ఆయిల్ చూసే గాజు కన్ను మూసేసే తొడుగు ఎంత చవకైనా వద్దు. ప్లాస్టిక్ క్రోమ్ తొడుగును బెండ్ పైపు (ఇంజిన్ నుంచి సైలెన్సర్‌కి వెళ్లే పొగ గొట్టం) పక్కన పెట్టొద్దు. ఏబీఎస్ ప్లాస్టిక్ వంద డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది.

అపోహ: తిరుమల ఘాట్ ఎక్కితే వేడికి క్రోమ్ నీలం తిరుగుతుంది, ఇంజిన్ కూడా ఉడికిపోతుంది.

నీలం తిరిగేది బెండ్ పైపు. అక్కడ వేడి మూడు వందల డిగ్రీలు దాటుతుంది. సైడు కవర్ లోపలి ఆయిల్ వేడికి మించి వేడెక్కదు, ఆ వేడికి క్రోమ్ రంగు మారదు. ఇంజిన్ చల్లబడేది ప్రధానంగా సిలిండర్, హెడ్ రెక్కల మీది గాలితో. సైడు కవర్ క్రోమ్ అయినంత మాత్రాన చెప్పుకోదగ్గ తేడా ఉండదు. రెక్కల మీద తొడిగే అలంకారాలు మాత్రం కొనొద్దు.

అపోహ: ఉన్న కవర్‌కే క్రోమ్ కొట్టిస్తే అన్నిటికంటే చవక.

మంచి దుకాణం దొరికితే సరే. ఇనుముకి చేసినట్టే పాత పొర తీయడానికి హైడ్రోక్లోరిక్ ఆసిడ్‌లో ముంచేవాళ్ల చేతికిస్తే అల్యూమినియం గుంటలు పడి వస్తుంది. బడ్జెట్ తక్కువైతే మా సలహా క్రోమ్ కాదు, బఫింగ్. కంపెనీ కవర్ మీది లాకర్ (పారదర్శక పూత) పొర తీసి, 400, 800, 1200, 2000 వాటర్ పేపర్లు వరసగా తడిపి రుద్ది, బఫ్ చక్రం మీద పాలిష్ సబ్బు పెట్టి మెరుపు తెప్పిస్తే, పైన మైనం రాస్తే చాలు. క్రోమ్ నీలి మెరుపు రాదు, కానీ పొక్కులు లేచే పొరే ఉండదు. మసకబారితే అరగంటలో మళ్లీ మెరిపించవచ్చు. ప్యాకింగ్ ముఖానికి మాత్రం బఫ్ తగలనీయొద్దని ముందే గట్టిగా చెప్పండి. కవర్ బదులు క్రాంక్‌కేస్ కూడా రుద్దేద్దామంటే ఒప్పుకోవద్దు. ఇంజిన్ నంబర్ కొట్టి ఉండేది దానిమీదే. అది అరిగితే ఆర్టీవో ఆఫీసు చుట్టూ తిరగాల్సింది మీరే.

అపోహ: చింతపండు, విభూది పెట్టి తోమితే తళతళలాడుతుంది.

ఇత్తడికీ వెండికీ సరే, క్రోమ్‌కి కాదు. పులుపు సన్న రంధ్రాల్లోంచి కింది లోహాన్ని తింటుంది, పొడి గీతలు పెడుతుంది. కొన్ని వాటర్ సర్వీసుల్లో కొట్టే ఆసిడ్ నీళ్లు అంతకంటే చెడ్డవి, ముందే వద్దని చెప్పండి. షాంపూ నీళ్లు, మెత్తటి గుడ్డ చాలు. బోరు నీళ్లతో కడిగితే వెంటనే ఆరబెట్టి తుడవాలి, లేదంటే తెల్ల మరకలు పట్టుకుంటాయి. కాణిపాకంలో బండి పూజ చేయించినా, ఇంటి దగ్గర ఆయుధ పూజ చేసినా, కవర్ మీద పెట్టిన కుంకుమ, నిమ్మకాయ తడి సాయంత్రానికల్లా తుడిచేయండి. ఇనుప తొడుగు మీద అప్పుడే మొదలైన గోధుమ చుక్కలుంటే, అల్యూమినియం ఫాయిల్ ముక్క నీళ్లలో తడిపి మెల్లగా రుద్దితే పోతాయి. పొర లేచిపోయిన చోట అది కూడా పనిచేయదు.

పూర్తి కవర్ మార్పించుకున్నవాళ్లు తొలి యాభై కిలోమీటర్లు తిరిగాక ఇంజిన్ చల్లారనిచ్చి బోల్టుల బిగువు, ఆయిల్ మట్టం ఇంకోసారి చూసుకోండి. ప్యాకింగ్ అంచు చుట్టూ టిష్యూ కాగితం అద్దండి. చుక్క తడి కనిపించినా బోల్టు ఇంకా బిగించొద్దు, కవర్ విప్పి ప్యాకింగ్ మార్చాలి.