ఎజైల్‌కు లీన్ ఏమవుతుంది?

సాఫ్ట్‌వేర్ జట్లు చిన్నచిన్న విడతల్లో పనిచేస్తూ దారి సరిదిద్దుకునే పద్ధతులను ఎజైల్ అంటారు, స్క్రమ్ వాటిలో ఒకటి. 2020 నవంబరులో వచ్చిన స్క్రమ్ గైడ్‌లో కొత్తగా ఒక మాట చేరింది. స్క్రమ్‌కు పునాదులు రెండు, ఒకటి అనుభవవాదం (చేసి చూసి నేర్చుకోవడం), రెండోది లీన్ ఆలోచన (టొయోటాలో పుట్టిన, వృథాను తగ్గించే పద్ధతి) అని. 2017 నాటి గైడ్‌లో మొదటిది మాత్రమే ఉంది. అప్పటికే స్క్రమ్ వయసు పాతికేళ్లు. ఎజైల్ అంటే కార్ల ఫ్యాక్టరీ పద్ధతిని కోడ్‌కు తగిలించడమే అనేవాళ్లకు ఈ చేర్పు ఆధారంగా దొరికింది. చుట్టరికం ఉన్నమాట నిజమే కానీ, వరస మాత్రం తల్లీబిడ్డలది కాదు. ఒకే ఊరి నుంచి వేరువేరు దారుల్లో బయల్దేరి, చాలాకాలానికి కలుసుకున్న దాయాదులది.

లీన్ మూలం ఒక మగ్గంలో ఉంది. సకిచి టొయోడా 1924లో పూర్తిచేసిన జి-టైప్ మరమగ్గం, నడుస్తుండగానే నాడెను మార్చుకునేది. పడుగు పోగు తెగితే మాత్రం తనంతట తానే ఆగిపోయేది. పాడైన బట్ట గజాలకొద్దీ పోగుపడదు, ఒక్కో మగ్గానికి ఒక్కో మనిషి కాపలా ఉండక్కర్లేదు. తప్పు కనబడగానే పని ఆగే ఈ గుణానికి జిడోకా అని పేరు. ఆయన కొడుకు కిచిరో 1937లో కార్ల కంపెనీ స్థాపించి, కావలసినది కావలసినప్పుడు కావలసినంతే తయారుచేయాలన్న రెండో సూత్రాన్ని తెచ్చాడు.

యుద్ధం తర్వాత టొయోటా దగ్గర డబ్బు లేదు. 1950లో కంపెనీ దివాలా అంచుకు వెళ్లింది, కార్మికులు సమ్మె చేశారు, కిచిరో పదవి వదిలేశాడు. సరుకు నిల్వ పెట్టుకునే స్తోమత లేని ఆ రోజుల్లో తైచి ఓనో తన మెషిన్ షాపులో కాన్‌బాన్ చీటీలు మొదలుపెట్టాడు. తర్వాతి విభాగం ఒక పెట్టెలోని భాగాలు వాడుకుంటే, ఆ పెట్టె చీటీ వెనక్కి వెళుతుంది. వెనక విభాగం ఆ చీటీలో రాసినంతే చేస్తుంది. చీటీ రాకపోతే యంత్రం ఖాళీగా ఉన్నా సరే, తయారీ లేదు. ఓనో చెప్పిన ఏడు వృథాల్లో అన్నిటికన్నా చెడ్డది అవసరానికి మించి తయారుచేయడం, ఎందుకంటే అది మిగతా వృథాలన్నిటినీ కప్పేస్తుంది. ఈ మొత్తం పద్ధతికి లీన్ అన్న పేరు జపానులో పెట్టింది కాదు. 1988లో జాన్ క్రాఫ్చిక్ అనే అమెరికన్ పరిశోధకుడు తన వ్యాసంలో వాడాడు. ఆ తర్వాత వోమాక్, జోన్స్ 1996లో దాన్ని ఐదు సూత్రాలుగా కుదించారు: విలువ, విలువ ప్రవాహం, నిరాటంకమైన నడక, అవసరం లాగితేనే పని, లోపంలేనితనం కోసం తపన.

ఎజైల్ దారి ఇంకోటి. 1986లో తాకేయుచి, నొనాకా హార్వర్డ్ బిజినెస్ రివ్యూలో రాసిన వ్యాసం హోండా, కెనాన్, ఫుజి-జెరాక్స్ వంటి కంపెనీల్లో కొత్త వస్తువుల రూపకల్పన గురించి. రిలే పరుగులా ఒక విభాగం నుంచి ఇంకో విభాగానికి అందించుకోకుండా, రగ్బీ జట్టులా అందరూ కలిసి ముందుకు కదులుతారన్నది వాళ్లు గమనించిన సంగతి. వాళ్లు చూసింది డిజైన్ జట్లను, అసెంబ్లీ లైనును కాదు. ఈ తేడా చాలామంది మరిచిపోతారు. ఈ రగ్బీ పోలిక నుంచే స్క్రమ్ అన్న పేరు తీసుకుని జెఫ్ సదర్లాండ్ 1993లో ఈజెల్ అనే సాఫ్ట్‌వేర్ కంపెనీలో తొలి స్క్రమ్ జట్టు నడిపాడు, 1995లో కెన్ ష్వేబర్‌తో కలిసి దాన్ని ఊప్స్లా అనే ప్రోగ్రామింగ్ సదస్సులో వివరించాడు. ఇంకోపక్క కెంట్ బెక్, క్రైస్లర్ జీతాల ప్రాజెక్టులో ఎక్స్‌ట్రీమ్ ప్రోగ్రామింగ్ అనే ఇంకో ఎజైల్ పద్ధతికి రూపం ఇచ్చాడు. 2001 ఫిబ్రవరిలో యూటాలోని స్నోబర్డ్‌లో 17 మంది కూర్చుని ఎజైల్ ప్రకటన రాశారు. అందులో లీన్ అన్న మాట ఎక్కడా లేదు. కానీ పన్నెండు సూత్రాల్లో ఒకటి, చేయకుండా వదిలేసే పనిని వీలైనంత పెంచడమే సరళత అంటుంది. ఓనో చదివి ఉంటే తల ఊపేవాడు.

రెండు దారులనూ పనిగట్టుకుని కలిపింది మేరీ, టామ్ పొపెండిక్ దంపతులు, 2003లో. ఫ్యాక్టరీ వృథాలకు కోడ్‌లో ఈడు వెతికారు. గోదాములో పేరుకున్న సరుకు ఇక్కడ సగంలో ఉన్న పని: రాసి ప్రధాన కోడ్‌లో కలపని బ్రాంచి (విడి కాపీ), కలిపి టెస్ట్ చేయని కోడ్, టెస్ట్ చేసి విడుదల చేయని ఫీచర్. అవసరానికి మించిన తయారీ అంటే ఎవరూ అడగని ఫీచర్లు. చిక్కల్లా ఒక్కటే, గోదాములో సరుకు నడిచేవాడి కాలికి తగులుతుంది. కలపని బ్రాంచిలు 30 ఉన్నా గదిలో ఎవరికీ అడ్డం రావు. అందుకే సాఫ్ట్‌వేర్‌లో, ఒక్కో పనిని ఒక్కో కార్డుగా దశలవారీ గడుల్లో పెట్టి కంటికి చూపే బోర్డు కావలసి వచ్చింది.

ఇక్కడికి రాని సంగతీ ఉంది. వెయ్యో కారు తలుపు మొదటి తలుపులాగే ఉండాలి, తేడా వస్తే లోపం. సాఫ్ట్‌వేర్‌లో మొదటిదానిలాగే ఉండేదాన్ని మళ్లీ రాయరు, కాపీ చేసుకుంటారు. చేతికొచ్చే ప్రతి పనిలోనూ తెలియనిది కొంత ఉంటుంది, పని వ్యవధిలో హెచ్చుతగ్గులు సహజం. వాటిని చెరిపేయాలని అంచనాలకూ గంటలకూ కొలతలు బిగించిన జట్లు, లీన్ పేరుతో లీన్‌కు ముందున్న ఫ్యాక్టరీనే తెచ్చుకున్నాయి.

హెచ్చుతగ్గులు ఉన్నచోట క్యూ లెక్క నిర్దయగా ఉంటుంది. పనులు ఎప్పుడు వస్తాయో, ఒక్కోటి ఎంతసేపు పడుతుందో తెలియని సాదా నమూనాలో, ఒక మనిషి సమయం 80 శాతం నిండి ఉంటే కొత్త పని సగటున తన వ్యవధికి 4 రెట్లు క్యూలో ఆగుతుంది. 90 శాతమైతే 9 రెట్లు, 95 శాతమైతే 19 రెట్లు. ఎవరూ ఖాళీగా కూర్చోకూడదని స్ప్రింట్‌ను (స్క్రమ్‌లో ఒక పని విడతను) అంచుదాకా నింపే మేనేజరు, ఆ 19 రెట్లను తెలియకుండా కొని తెచ్చుకుంటాడు. జపాను పద్ధతిలో వృథాకు ముదా అని పేరు, శక్తికి మించిన భారానికి మురి, ఎగుడుదిగుడుకు మురా. సాఫ్ట్‌వేర్ వాళ్లు ముదాను బాగా కంఠస్థం చేశారు, దాన్ని పుట్టించే మిగతా రెండింటినీ వదిలేశారు.

జాన్ లిటిల్ 1961లో నిరూపించిన సూత్రం ఇంకా సూటిగా పనికొస్తుంది. చేతిలో ఉన్న పనుల సంఖ్యను, వారానికి పూర్తయ్యే పనుల సంఖ్యతో భాగిస్తే, ఒక పనికి పట్టే సగటు కాలం వస్తుంది. బోర్డు మీద 20 కార్డులుండి వారానికి 4 పూర్తవుతుంటే, సగటున 5 వారాలు. అదే వేగంతో చేతిలో 8 మాత్రమే ఉంచుకుంటే 2 వారాలు. వచ్చే పనులూ పూర్తయ్యే పనులూ దాదాపు సమానంగా ఉన్నప్పుడే ఈ లెక్క నిలుస్తుంది, మధ్యలో వదిలేసిన కార్డులను బోర్డు మీద ఉంచుకుంటే పొరబాటు చెబుతుంది.

డేవిడ్ ఆండర్సన్ 2004లో మైక్రోసాఫ్ట్‌లోని ఒక నిర్వహణ జట్టుతో ఈ ఆలోచన పరీక్షించాడు. చేతిలో పనికి పరిమితి పెట్టారు, జట్టు సమయాన్ని తినేస్తున్న అంచనాలు వేయడం మానేశారు. తర్వాత కార్బిస్ అనే కంపెనీలో గోడ మీద కార్డులు పెట్టి, 2010లో కాన్‌బాన్ పేరుతో పుస్తకం వేశాడు. ఇందులో చిన్న తమాషా ఉంది. టొయోటా చీటీ అంటే ఇంకా చేయమనే అనుమతి. సాఫ్ట్‌వేర్ బోర్డు మీది కార్డు అంటే పనే. ఇక్కడ అనుమతి ఇచ్చేది కార్డు కాదు, గడిలో ఖాళీ. పరిమితి అంకె లేని బోర్డు మీద ఖాళీకి అర్థం లేదు కాబట్టి, అది పనుల చిట్టా మాత్రమే.

జిడోకా ఇంకో రూపంలో వచ్చింది. టొయోటా లైనులో తప్పు చూసిన కార్మికుడు తాడు లాగగానే లైను ఆగిపోదు, ముందు జట్టు నాయకుడు వస్తాడు. బండి తన గడి దాటేలోపు సమస్య తీరకపోతేనే ఆగుతుంది. కోడ్ కలిపిన ప్రతిసారీ నడిచే బిల్డ్‌కూ (కోడంతా కూర్చి పరీక్షించే ప్రక్రియకూ) ఇలాంటి గడువు ఉండాలి. బిల్డ్‌ను విరగ్గొట్టిన మార్పును 10 నిమిషాల్లో సరిచేయలేకపోతే వెనక్కి తీసేయడం చాలా జట్లు పాటించే నియమం. బిల్డ్ గంటసేపు నడిస్తే ఈ నియమం చచ్చిపోతుంది. ఫలితం వచ్చేసరికి దాని మీద ఇంకో ఆరుగురు కోడ్ కలిపేసి ఉంటారు, ఎవరి మార్పు విరగ్గొట్టిందో వెతకడమే ఒక పని అవుతుంది.

పరిమితులు పెట్టిన జట్టు రెండో వారంలోనే ఒక దొంగదారి కనిపెడుతుంది. టెస్టింగ్ గడి పరిమితి 3, మూడూ నిండాయి. డెవలపర్ దగ్గర పూర్తయిన కార్డు ఒకటి ఉంది. టెస్టింగ్‌కు చేయి కలపడానికి బదులు, బోర్డు చివర 'ఆగినవి' అని కొత్త గడి గీసి, టెస్టింగ్‌లోని ఒక కార్డును అక్కడికి జరుపుతారు. ఆ గడికి పరిమితి ఉండదు. నెల తిరిగేసరికి అందులో 11 కార్డులుంటాయి, మిగతా గడులన్నీ అంకె ప్రకారమే కనబడతాయి. ఆగిన కార్డును అది ఉన్న టెస్టింగ్ గడిలోనే ఉంచి, దాని మీద ఎర్రచీటీ అంటించి, పరిమితిలో లెక్కించాలి. అప్పుడు డెవలపర్‌కు కొత్త పని దొరకదు, ఎర్రచీటీ దగ్గరికే నడవాల్సి వస్తుంది.